రెండు శాతం దిగ్విజయం

నాకు ఈ లోకంలో అన్నిటికంటే భయం ఒక్కటే. నా వాళ్లకి ఏదైనా అయినప్పుడు ఫోనులో చార్జింగ్ లేకపోవడం. తోడేలంటే భయం లేదు. మంచు తుఫానంటే కొంచెం ఉంది. కానీ ఆ నల్లటి అద్దంలో నా మొహం నాకే కనబడిందంటే మాత్రం భయమే.

ఆ భయం పుట్టిన పగటి కథ ఇది. యుద్ధం కనుక యుద్ధంలాగే చెబుతాను. వీరగాథలో ‘నేను, నేను’ అనుకుంటే బాగుండదు కాబట్టి ఇకనుంచి నన్ను కోడలు అంటాను. ఇంకొక మాట. మేం కిర్గిజ్ కోడళ్లం అత్తమామల పేర్లు నోట పలకం. అందుచేత మా అత్తగారు ఈ కథ పొడుగునా బిరుదులతోనే నడుస్తుంది. వీరులకి అదేం లోటు కాదు.

వినండి. హిమకిరీటధారులైన మహాపర్వతాలు నలుదిక్కులా సభ తీర్చిన చోట, సహస్రాధిక మేషసంకులమై, జడలబర్రెల హుంకారాలతో దద్దరిల్లే ఆక్-తాష్ పచ్చికబయలున, వేసవి తుదిదినాలలో, ఒకానొక మంగళవారం నాడు, గ్రహమండలాధిపతి, తిమిరసంహారి, త్రిలోకదీపకుడైన సూర్యభగవానుడు నడినెత్తికి రావలసిన సమయానికి, రాలేదు.

మబ్బు పట్టింది.

ఆ మబ్బు కింద ఒక ఉన్ని గుడారం. ఆ గుడారంలో, పిడకలతో భగభగమంటున్న ఇనపపొయ్యికి మూరెడు దూరంలో, ఆరునెలల రాజకుమారి బేగాయ్ తొట్టెలో శయనించి ఉన్నది. ఆమె తొట్టె మీద ఏడు కప్పులు: నూలుగుడ్డ, ముఖమల్ గుడ్డ, చిన్న బొంత, పెద్ద బొంత, ఉన్ని కంబళి, చనిపోయిన తాతగారి గొర్రెతోలు కోటు, ఆ కోటు జారకుండా దాని మీద పెళ్లినాటి శాలువా. ఏడుకి ఒక్కటి తగ్గకూడదు. అది ఆ వంశపు ధర్మం.

కోడలు ఆ సప్తావరణాలను ఛేదించి లోపలికి చెయ్యి దూర్చి బిడ్డ నుదురు తాకింది. కాలుతోంది. మొహం దానిమ్మపండులా ఉంది. జుట్టంతా చెమట.

మగడు ఎల్దియార్ ఉన్న ఒక్క గుర్రాన్నీ ఎక్కి, పిండి మూటల కోసం తెల్లవారకముందే కిందికి దిగాడు. రేపు గాని రాడు. ఊరి నర్సు జుమాకాన్ అక్క ఉన్నది నాలుగు గంటల ప్రయాణం దిగువన. మాటొక్కటే అంత దూరం గుర్రం లేకుండా పోగలదు. దాన్ని మోయవలసిన ఫోను సున్నాకి చేరి, కన్నుమూసి, దిండు కింద పడి ఉంది.

దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఆ వీరమాత ఈ విధంగా గర్జించెను:

“ఓరీ కృష్ణవదనా! కృతఘ్నశిరోమణీ! నా బిడ్డ నవ్వులు నూటనలభై నీ ఉదరంలో భద్రపరచితిని గదా! నీకు దెబ్బ తగలకూడదని ఉన్నిసంచి కుట్టితిని గదా! విపత్సమయాన నాకు మౌనవ్రతము చూపెదవా? లెమ్ము! పలుకుము! లేదా నీ...”

“ఎవరితోనే ఆ కేకలు?”

నవనీతసామ్రాజ్ఞి, శతఘటక్షీరవిభేదిని, ఒంటిచేత్తో కొరడా పట్టి తోడేలును ఏరు దాటించిన మహాయోధురాలు, అనగా అత్తగారు, రెండు పాలక్యానులతో లోపలికి వచ్చింది.

“ఫోను చచ్చిపోయిందత్తమ్మా. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. జుమాకాన్ అక్కకి చెప్పాలి.”

“చూసి చూసి నువ్వే చంపావు దాన్ని. నిన్నంతా రుద్దుతూనే ఉన్నావు కదా.”

“పిల్ల ఫొటోలేనత్తమ్మా చూసింది.”

“పిల్ల పక్కనే ఉంటే పిల్ల ఫొటోలెందుకే?”

కానీ తొట్టెలో చెయ్యి పెట్టి చూసి ఆవిడ ఇక వేళాకోళం ఆడలేదు.

ఇప్పుడు సేనల వర్ణన. ఆ గుడారానికి విద్యుత్తును కప్పం కట్టే సామంతులు ఇద్దరున్నారు. ఒకడు గుడారం కప్పు మీది సోలారు గాజుపలక. వాడు సూర్యుడి సేవకుడు. మబ్బు రాగానే చేతులెత్తేశాడు. రెండవవాడు ఏరు. ఎల్దియార్ ఆ ఏట్లో చెక్కరెక్కల చక్రం ఒకటి బిగించి, దాని బెల్టును పాత లారీ డైనమోకి తగిలించాడు. ఏరు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం డైనమోని తిప్పుతుంది, డైనమో దీపాన్ని వెలిగిస్తుంది. అయితే ఆ ఏట్లోకి నీళ్లు రావాలంటే పైన మంచు కరగాలి. మంచు కరగాలంటే ఎండ కాయాలి. అనగా ఇద్దరు సామంతులూ ఒక్క రాజు ఉప్పు తిన్నవాళ్లే. రాజు దాక్కున్న నాడు ఏరు సన్నగిల్లి, రాళ్ల మధ్య తోవ వెతుక్కుంటోంది. చక్రం ఊరికే తడుస్తోంది.

కోడలు ఎనిమిదో తరగతిలో ఒక పాఠం సగం వింది. శక్తి పుట్టదు, చావదు, వేషం మారుస్తుందని మేష్టారు చెప్పారు. వేషం మార్చుకున్నది చివరికి ఎక్కడికి పోతుందో రేపు చెబుతానన్నారు. మర్నాడు గడ్డికోతలు మొదలయ్యాయి. కోడలు మరి బడికి పోలేదు.

ఉన్న సగం పాఠంతోనే ఆమె యుద్ధవ్యూహం పన్నింది.

“అత్తమ్మా, చక్రాన్ని చేత్తో తిప్పుతాను. మీ మీగడ మిషను పిడి ఇవ్వండి. ఇరుసుకి సరిపోతుంది, ఆయన కంటితోనే కొలిచి చూశాడు.”

“నా పిడా?”

పర్వతాలు నిశ్శబ్దమయ్యాయి. ఆ పిడి ముప్ఫయ్యేళ్లుగా ఆవిడ నడుముపట్టీలోనే ఉంటుంది. ఇంకొకరు ముట్టగా చూసినవారు లేరు.

“ఇప్పుడే పితికిన పాలే ఇవి. మీగడ తీయకపోతే పులిసిపోతాయి.”

“పులియనివ్వండి.”

ఆ వంశంలో అంతటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అత్తగారు కోడలిని చూసింది. తొట్టెను చూసింది. నడుముపట్టీలోంచి పిడి లాగి కోడలి చేతిలో పెట్టింది.

“వంచావంటే నీ మొగుడి వీపు మీద పెట్టి సరిచేస్తా. ఆగు, ముందు ఇది తిను.” రొట్టెముక్క మీద వేలెడు మందాన మీగడ.

“నాకు ఆకలి లేదత్తమ్మా.”

“నీక్కాదే. చక్రానికి.”

ఆ రొట్టెముక్క వంశచరిత్ర వినండి. పూర్వం సూర్యతేజము గడ్డిపోచలో ప్రవేశించెను. గడ్డిపోచ జడలబర్రె ఉదరమున ప్రవేశించి పాలయ్యెను. పాలు మీగడయ్యెను. మీగడ కోడలి నోట ప్రవేశించి భుజబలమయ్యెను. కావున, రాజు మబ్బుచాటున దాగిన ఆ దినమున, సాక్షాత్తు సూర్యవంశస్థులే నడుము బిగించి రణరంగమునకు దిగిరి.

తొట్టెను కళ్లెదురుగా గుమ్మంలోకి జరపబోతే అత్తగారు ఒప్పుకోలేదు. “గాలి కొడుతుంది. పొయ్యి దగ్గరే ఉండనీ.” ఇంకో రెండు పిడకలు కూడా వేసి వచ్చింది.

బెల్టు వేసవంతా తిరిగి తిరిగి సాగిపోయి ఉంది. కనుక ఒకరు పిడి తిప్పాలి, ఒకరు కర్రతో బెల్టును అదిమి పట్టాలి. ఒంటరివల్ల అయ్యే యుద్ధం కాదు. కోడలు పిడి పట్టింది. అత్తగారు కర్ర పట్టింది. తొలి చుట్టు తిరిగింది. చక్రం మూలిగింది. పది చుట్లయ్యాక డైనమో గురక పెట్టింది. నూరు చుట్లయ్యాక, ప్రళయకాలమేఘగర్జనను పోలిన ఆ గురకలోనుంచి, ఆవగింజంత ఆకుపచ్చ దీపం చార్జరు మీద వెలిగింది.

“వెలిగిందత్తమ్మా!”

“అటు చూడకు, తిప్పు!”

కోడలి భుజాలు మండుతున్నాయి. ఫోను మాత్రం కన్ను తెరవదు. బెల్టు జారింది, ఎక్కించారు. మళ్లీ జారింది. అత్తగారు ఆ బెల్టు తాతముత్తాతలను నోటికొచ్చినట్టు స్మరించి మళ్లీ ఎక్కించింది. రెండు వందల చుట్ల దగ్గర కోడలు వాలిపోతే ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. డెబ్భైఏళ్ల మీగడసామ్రాజ్ఞి తిప్పింది తిప్పినట్టు, ఒక్క వేగంతో, మిషను దగ్గర పాడుకునే పాటే పాడుకుంటూ తిప్పింది. పాటలో మూడో చరణం అయ్యేసరికి అద్దం వెలిగింది. ఒక శాతం. పాట మళ్లీ మొదటికొచ్చింది. రెండు.

“పరిగెత్తు!”

ఆక్-తాష్‌లో టవరు అందేది ఒక్క చోటే: గుర్రాలను కట్టే గుంజ తల మీద. ఆ కొసన ఒక టీగిన్నె కట్టి ఉంటుంది. ఫోను అందులో పెట్టి, కిందనుంచి అరిచి మాట్లాడాలి. కోడలు పాలక్యాను బోర్లించి, ఎక్కి, జుమాకాన్ అక్క నంబరు నొక్కి, ఫోను గిన్నెలో ప్రతిష్ఠించింది.

“హలో, ఎవరమ్మా?”

“నేనక్కా, కుందుజ్‌ని! ఆక్-తాష్ నుంచి!”

“ఏ కుందుజ్? నాకు ఐదుగురు కుందుజ్‌లున్నారు. ఎవరి కోడలివి?”

ఇక్కడ విధి తన ఆఖరి అస్త్రం వేసింది.

“అదేనక్కా... ఆకుపచ్చ తలుపు గుడారం. పెద్దావిడ. మీగడ బాగా తీస్తారు చూడూ...”

“అక్కడ అందరూ మీగడే తీస్తారమ్మా. పేరు చెప్పు.”

“తోడేల్ని కొట్టారే, ఆవిడ!”

“పేరు చెప్పమ్మాయ్!”

గిన్నెలో రెండు ఒకటైంది. కోడలు నోరు తెరిచింది, మూసింది. పుట్టింటివాళ్లు నేర్పిన మర్యాద ఆ పేరుకి అడ్డం పడింది. అప్పుడు ముప్పై అడుగుల అవతల చక్రం పక్కన నిలబడి ఉన్న మహాయోధురాలు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తన పేరును తానే దిక్కులు పిక్కటిల్లేలా అరిచింది. పర్వతాలు కోడళ్లు కావు కనుక ఆ పేరును మూడుసార్లు తిరిగి పలికాయి.

“ఆవిడ కోడలివా! ఆ మాట ముందు చెప్పొద్దూ. ఏమైంది?”

“పిల్ల ఒళ్లు కాలిపోతోందక్కా!”

“పాలు తాగుతోందా? దగ్గు, వాంతి?”

“తాగుతోంది. అవేం లేవు.”

“ఎన్ని కప్పావు?”

“ఏడు.”

“పొయ్యికి ఎంత దూరం?”

“మూరెడు.”



“అమ్మాయ్, ఆ పొయ్యిలో మండిన వేడంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? నీ పిల్లలోకే పోతోంది. బయటికి దారేదీ? ఒక్క గుడ్డ ఉంచి అన్నీ తీసెయ్. పొయ్యికి దూరంగా జరిపి పాలియ్యి. గంటలో చల్లబడకపోతే నేనే జీపు కట్టించుకుని...”

ఫోను చచ్చిపోయింది. కానీ ఎనిమిదో తరగతి పాఠంలో రెండో సగం ఆరేళ్ల తర్వాత అందింది.

శాలువా పోయింది. కోటు పోయింది. కంబళి, బొంతలు, ముఖమల్, ఒకదాని తర్వాత ఒకటి దుర్గప్రాకారాల్లా కూలాయి. తొట్టె గుమ్మంలోకి వచ్చింది. బిడ్డ పాలు తాగింది. ఆ తర్వాత ఒక గంట. యుద్ధంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే. ఇద్దరాడవాళ్లూ వంతులవారీగా ఆ చిన్న నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నారు.

“ఏడు కప్పమన్నది నేనేనే,” అంది అత్తగారు, పొయ్యి వైపు చూస్తూ.

“కప్పింది నేను కదత్తమ్మా.”

గంట కాకముందే నుదురు చల్లబడింది. బేగాయ్ కళ్లు తెరిచి, నాయనమ్మ ఒళ్లోకి చేరి, కాళ్లు తన్నుకుని, సంతోషంగా ఒళ్లంతా తడిపేసింది.

“ఇదిగో, నా పిడకల వేడి ఇక్కడ దిగింది,” అంది ఆవిడ, తడిసిన పావడా దులుపుకుంటూ.

ఇట్లు మేఘసేనాపరివృతమైన మహారణమున, ఏడువందల ముప్పై చుట్ల అనంతరం, రెండు శాతము జయింపబడెను! జయింపబడిన రెండూ ఒక్క సంభాషణలో ఖర్చయ్యెను! రెండు క్యానుల పాలు పులిసెను! దిక్కులన్నియు వినుగాక!

ఇప్పుడు మళ్లీ నేను అంటాను.

మేం కిందికి దిగి పదిహేను రోజులైంది. ఆఖరి మీగడ తీసుకుని వస్తానని అత్తమ్మ పైనే ఉండిపోయింది. గాజుపలకను తనే ఊడదీసి మా మూటల్లో కట్టింది, పిల్ల ఉన్న ఇంట్లో ఉండాలని. చలికి ఏరు గడ్డకడుతూ ఉంటుంది. మేం ఆవిడ దగ్గర వదిలివచ్చిన ఫోను నాలుగు రోజులుగా పలకడం లేదు. మొన్న కురిసిన మంచులో ఎల్దియార్ వెళ్లిన జీపు కనుమ దగ్గరే కూరుకుపోయి వెనక్కి వచ్చింది. దారి తెరవగానే మళ్లీ వెళ్తాడు. ఆవిడ దగ్గర చక్రం ఉంది, పిడి ఉంది, భుజాలూ ఉన్నాయి. బెల్టు అదిమి పట్టడానికే ఎవరూ లేరు.

కనుమకి అవతలి వైపునుంచి మీలో ఎవరైనా ఆ దారిన వెళ్తుంటే, ఒక్కసారి ఆకుపచ్చ తలుపు తట్టి చూడండి. కాసేపు ఆ బెల్టు పట్టుకోండి. బిరుదులు చెబితే మీకు దారి చూపించేవాళ్లెవరూ ఉండరు. అందుకని ఈ ఒక్కసారికి రాస్తున్నాను. ఆవిడ పేరు కుముష్కాన్.

కుముష్కాన్ ఎలా ఉందో చూసి చెప్పండి.