గ్రీజు బ్యాడ్జి

"ఇకమీదట నా శాఖలో ఒక్కడు కూడా పని చెయ్యడానికి వీల్లేదు," అన్నారు కాలువల శాఖ మంత్రి లక్ష్మీకాంత్ గారు, బెంజ్ సర్కిల్ దగ్గరి ఏసీ హోటల్లో, మూడొందల మంది సిబ్బంది ముందు. సిబ్బంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ జరుగుతున్నది అదే కదా, మంత్రిగారికి ఎవరు చాడీలు మోశారబ్బా అని కొందరికి గుబులు కూడా పుట్టింది. మంత్రిగారు నీళ్లు తాగి మిగతా సగం చెప్పారు. "అందరూ ఆడాలి. ఆడుతూ నేర్చుకోవాలి. నేర్చుకుంటూ ఎదగాలి."

అబ్బ, ఏం చప్పట్లు! వెనక వరసలో ఏసుపాదం అందరికంటే గట్టిగా కొట్టాడు. అతను తాడికుంట లాకుల దగ్గర లస్కరు. కాలువ షట్టరు ఎత్తడం, దించడం, పొలాలకి నీళ్లు వదలడం అతని ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఏసీలో కూర్చోవడం అదే మొదలు. చలికి చేతులు కొయ్యబారిపోతుంటే చప్పట్లే కాస్త వెచ్చగా ఉన్నాయి.

తర్వాత కన్సల్టెంటు కీర్తన వచ్చింది. పాతికేళ్ల పిల్ల, చలాకీగా ఉంది. 'జలక్రీడ' అనే యాప్‌ని తెర మీద చూపించింది. ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని షట్టరు చక్రంలా గుండ్రంగా తిప్పాలి. తిప్పినకొద్దీ బొమ్మలో షట్టరు లేస్తుంది, పొలం పచ్చబడుతుంది, పాయింట్లొస్తాయి. మొదటి లెవెల్ చుక్క. తర్వాత పిల్లకాలువ, కాలువ, నది. ఆఖరిది సముద్రం. ఒక్కో ఆటకి మూడు ప్రాణాలు. ఉద్యోగంలో మోటివేషన్ ఎందుకు చచ్చిపోయిందో ప్రపంచమంతా వెతికి, చివరికి దానికి మందు ఇందులో దొరికిందని చెప్పింది. డౌట్లున్నాయా అని అడిగితే ఏసుపాదం లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మా షట్టరు మూడేళ్లుగా తుప్పుపట్టి ఈ ఏడు బిగుసుకుపోయిందండి. ఒక డబ్బా గ్రీజు ఇప్పిస్తే చాలండి."

కీర్తన మొహం వెలిగిపోయింది. "సూపర్ క్వశ్చన్ అంకుల్. గ్రీజుకి మనకి సెపరేట్ మాడ్యూలే ఉంది."

మళ్లీ చప్పట్లు. ఏసుపాదం కూడా కొట్టాడు.

తాడికుంటకి తిరిగొచ్చేసరికి గట్టు మీద రామతులసి కాచుక్కూర్చుంది. శివారున ఆవిడకి ఎనిమిదెకరాలుంది. నారు పోసి పద్దెనిమిది రోజులైంది. మడి నెర్రెలిస్తోంది. ఎగువన కాలువ నిండుగా, దర్జాగా పారుతోంది. షట్టరు కింద నుంచి మాత్రం చంటిపిల్లాడు పోసినన్ని నీళ్లు కారుతున్నాయి. బిందెలతో మోసి తడుపుతున్నానని, ఇంకో పది రోజులు ఓర్చుకుంటుందేమో గానీ పదకొండో రోజుకి నారు ఉండదని ఆవిడ చెప్పింది. మా ట్రాక్టరు షెడ్డులో గ్రీజుంది, తెచ్చి పూస్తానని కూడా అంది.

ఏసుపాదం చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. నాలుగేళ్ల కిందట తన డబ్బుతో గ్రీజు కొని పూసినందుకు వచ్చిన మెమో అది. 'ప్రభుత్వ ఆస్తికి ప్రైవేటు గ్రీజు పూసిన నేరమునకు' అని స్పష్టంగా ఉంది. రెండో మెమో వస్తే పెన్షన్ ఆగిపోతుంది. రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది.

"అన్నా, నీ పెన్షను నువ్వు చూసుకో, తప్పులేదు," అంది రామతులసి. "కానీ నా నారుకి పెన్షన్ లేదు."

ఆ మాట ఏసుపాదానికి గుచ్చుకుంది. సైకిలేసుకుని తన పై ఇంజనీరు, ఏఈ బెన్నీ గారి దగ్గరికి పోయాడు. బెన్నీ మంచివాడు, చిన్నవాడు, సర్క్యులర్లు ఎప్పటికప్పుడు చదివేవాడు. శిక్షణ పూర్తికాని సిబ్బందికి సామగ్రి ఇవ్వరాదని నిన్ననే కొత్త సర్క్యులర్ వచ్చిందట. సముద్రం లెవెల్ దాటితే గ్రీజు బ్యాడ్జి వస్తుంది. బ్యాడ్జి ఉంటే గ్రీజు ఇండెంటు పెట్టుకోవచ్చు.

"ఆడు బాబాయ్," అన్నాడు బెన్నీ ప్రేమగా. "మన సెక్షన్ ర్యాంకు కూడా నీ చేతిలోనే ఉంది."

సరే, ఏసుపాదం ఆడాడు. సిగ్నల్ లాకుల మీద తప్ప ఎక్కడా లేదు గనక, బిగుసుకుపోయిన అసలు చక్రానికి వీపు ఆనించి నిలబడి, బొమ్మ చక్రం తిప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఊరికే పోతుందా? షట్టరు ఒక్కసారిగా లేపితే గట్టు తెగుతుంది. అందుకని పద్ధతిగా, నాలుగంగుళాలు లేపి ఆగి, నీటి మట్టం చూసి, మళ్లీ నాలుగంగుళాలు లేపాడు. ఫోన్‌లోంచి ఆడగొంతు తీయగా పలికింది. "చాలా నెమ్మది. ఒక ప్రాణం పోయింది." సాయంత్రానికి ముప్ఫై ఆరు ప్రాణాలు పోయాయి. పనొచ్చినవాడు ఈ ఆటకి పనికిరాడని అతనికి అప్పటికి అర్థమైంది.

దారి చూపించింది అతని భార్య శౌరమ్మ. ఆవిడకి లాకుల దగ్గర ఇడ్లీ బండి ఉంది. రోజూ ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పిండి రుబ్బుతుంది. మొగుడు ఫోన్ పట్టుకుని గిరగిరా తిప్పుతుంటే చూడలేక, ఫోన్ లాక్కుని పాలిథిన్ కవరులో చుట్టి గ్రైండరు డ్రమ్ముకి తాడుతో కట్టేసింది. స్విచ్చి వేసింది. మినప్పప్పు నలిగేలోపు ఏసుపాదం పిల్లకాలువ దాటాడు. ఇడ్లీ రవ్వ కలిపేసరికి కాలువలో ఉన్నాడు.

ఆ తర్వాత వారం తాడికుంటలో పండగే. ఇడ్లీలు మిగిలిపోతున్నా శౌరమ్మ రుబ్బడం ఆపలేదు. సముద్రం వస్తే గుణదల మాతకి నూటొక్క కొవ్వొత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. బెన్నీ రోజూ రెండుసార్లు శౌరమ్మ నంబరుకి ఫోన్ చేసి బాబాయ్ చేతులు నొప్పెడుతున్నాయా అని అడిగేవాడు. గ్రైండరు హోరులో ఏసుపాదానికి వినపడేది కాదు, లేదు సార్ అనేవాడు. మధ్యలో 'రైతుతో మర్యాదగా మాట్లాడుట' అనే మాడ్యూల్ వచ్చింది. బొమ్మ రైతు కోపంగా ఉంటాడు, నమస్కారం నొక్కితే నవ్వుతాడు. గట్టు మీద రామతులసి నిలబడి నీళ్లేవి అని నిలదీస్తుంటే, టైము అయిపోతుందని, ఏసుపాదం బొమ్మ రైతుకి వరసగా ఇరవై నమస్కారాలు పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాడు గానీ పూర్తి మార్కులొచ్చాయి.

ఏడో రోజు సముద్రం వచ్చింది. గ్రీజు బ్యాడ్జి తళతళా మెరుస్తూ తెర మీద ఎగిరింది. రాష్ట్రంలోనే మొదటి ర్యాంకు. అదే నిమిషంలో రామతులసి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'మీ పొలానికి సమృద్ధిగా నీరు అందినది. దయచేసి రేటింగ్ ఇవ్వండి.' ఆవిడ అప్పుడు లాకుల దగ్గర్నుంచి బిందెతో నీళ్లు మోస్తోంది. బిందె దించి చదివి, మళ్లీ ఎత్తుకుంది.

ఏసుపాదం ఫోన్ పట్టుకుని స్టోర్సుకి పరిగెత్తాడు. స్టోర్ కీపర్ ఫిలిప్ లోపల గ్రీజు డబ్బాల పక్కనే కూర్చుని ఉన్నాడు. బ్యాడ్జి చూసి నిజంగా సంతోషించాడు. ఇవ్వడానికి మాత్రం లేదన్నాడు. 'గ్రీజు జారీ చేయుట' అనే మాడ్యూల్ తను ఇంకా పాసవలేదు. పాసవడు కూడా. తనది బటన్ల ఫోను.

తొమ్మిదో రోజు గన్నవరం రోడ్డులో ఫంక్షన్ హాల్లో సన్మానం. తాడికుంట ఛాంపియన్ ఏడు రోజుల్లో లక్షా పద్నాలుగు వేల సార్లు చక్రం తిప్పినట్టు తెర మీద వేశారు. స్పీడు గీత రెండో రోజు నుంచి చివరిదాకా తిన్నగా ఉంది. "ఎక్కడా అలుపు లేదు సర్, అచ్చం మెషీన్ లాగా," అంటుంటే కీర్తనకి కళ్లు చెమర్చాయి. మంత్రిగారు ఏసుపాదం అరచేతులు రెండూ ఎత్తి సభకి చూపించారు. ఇలాంటి చేతులు పదివేలుంటే ఈ డెల్టాకి కాలువలే అక్కర్లేదన్నారు. తర్వాత శాలువా కప్పి, మైకులోనే అడిగారు. "ఏం కావాలో కోరుకోండి. సింగపూర్ ట్రిప్పా, స్కూటరా?"

ఏసుపాదం మైకు దగ్గరికి వంగాడు. రేపటితో పది రోజులు. అతనికి అదొక్కటే గుర్తుంది.

"గ్రీజు కావాలండి."

మంత్రిగారు ఏసుపాదాన్ని కావలించుకున్నారు. సింగపూర్ వద్దన్న ఉద్యోగిని ఆయన రాజకీయ జీవితంలో చూడటం అదే మొదలు. రేపు పొద్దున్నకల్లా గ్రీజు లాకుల దగ్గర ఉంటుందని, అది తన మాటని, తన మాటంటే ప్రభుత్వమేనని ప్రకటించారు. ఏసుపాదానికి సంతోషంతో ఏడుపు ఆగలేదు. ఇంటికి రాగానే, రాత్రికి రాత్రే శౌరమ్మ కొవ్వొత్తుల లెక్క రెండొందలకి పెంచింది.

పదో రోజు తెల్లారేసరికి గట్టు మీద నలభై మంది రైతులు చేరారు. రామతులసి అందరికంటే ముందొచ్చింది. తొమ్మిదింటికి బెన్నీ జీపు వచ్చింది. వెనక సీట్లో రిబ్బను కట్టిన పెట్టె ఉంది. దించుతుంటే చేతికి బరువు తెలిసింది. అంత బరువుంటే ఐదు కిలోల డబ్బానే అయ్యుంటుందని ఏసుపాదం మనసులో లెక్కేసుకున్నాడు. హెడ్డాఫీసు లైవ్ చూస్తోందని, ఫోన్‌లో యాప్ ఆన్ చేసి అసలు చక్రానికే కట్టమని బెన్నీ చెప్పాడు. కట్టాడు. రిబ్బను కోశాడు.

లోపల ఇత్తడి షట్టరు. జానెడు ఎత్తు, చెక్క పీట మీద బిగించి ఉంది. 'జలక్రీడా రత్న ఏసుపాదం గారికి' అని చెక్కారు. పైన రూపాయి బిళ్లంత చక్రం. ఏసుపాదం వేలితో తాకాడు. అది గిర్రున తిరిగింది. చిన్న షట్టరు చప్పుడు లేకుండా పైకి లేచింది.

ఏసుపాదం వంగి, షట్టరుని ఎత్తే ఆ బుల్లి మర కడ్డీ మీద వేలు రాసి, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. వేలికి నల్లగా అంటింది.

"గ్రీజే," అన్నాడు.

"మెమో వస్తుందేమో అన్నా," అంది రామతులసి.

"రాదమ్మా. ఇది ప్రభుత్వ గ్రీజు."

అగ్గిపుల్లతో గీకాడు. మర చుట్ల సందులు, చక్రం కింద, పీట మూలలు, ఎక్కడా వదల్లేదు. చిటికెడొచ్చింది. దాన్ని తీసుకెళ్లి అసలు కడ్డీ మీద పై చుట్టుకి ఒద్దికగా పూశాడు. కింద ఇంకా ముప్ఫై తొమ్మిది చుట్లున్నాయి. చక్రం రెండు చేతులా పట్టుకున్నాడు. రామతులసి పైట దోపుకుని అవతలి వైపు పట్టింది. బెన్నీ ఒక్క క్షణం చుట్టూ చూసి, వాచీ తీసి జేబులో వేసుకుని తనూ వచ్చాడు. ముగ్గురూ పళ్లు బిగించి లాగారు. కడ్డీ కీచుమంది. చక్రం బొటనవేలంత కదిలి, ఆగిపోయింది.

చక్రానికి కట్టిన ఫోన్‌లోంచి ఆడగొంతు తీయగా పలికింది. "చాలా నెమ్మది. ఒక ప్రాణం పోయింది."

రామతులసి చక్రం వదలకుండానే తలెత్తి చూసింది.

"ఎవరిదంట అన్నా?"