గడియ లోపల, గృహిణి వెలుపల

"ఇవాళ ఆ దొర వస్తాడు, మనం ఇంట్లో లేమని రాసుకుని పోతాడు. చూస్తూ ఉండు మాలకీ. పొద్దున్నే నలుపుతెలుపు పిట్ట ఒక్కటే కనబడింది. జోడు లేదు, అపశకునం."

"ఇంట్లో లేకుండా ఎక్కడికి పోతామే? మూడేళ్ళనుంచి నువ్వు గేటు దాటి అడుగు బయట పెట్టలేదు. చర్చికి రమ్మన్నా రాలేదు."

"రాకపోబట్టే ఇంకా మిగిలాం."

అని యిట్లు పలికిన ఆ మహాసాధ్వి ఎవ్వరు, ఆ దొర ఎవ్వడు, ఆ గేటు ఎట్టిది అందురేని, చెప్పెద, వినుడు. పిల్లల తల్లులు మాత్రము కొంచెము గుండె చిక్కబట్టుకొని వినుడు.

డిసెంబరు మాసపు ప్రచండ మార్తాండుడు నడిమింట నిలిచి, గగనచుంబులగు యూకలిప్టసు వృక్షముల బెరడు చిట్లునట్లు కాయుచుండగా, జోరీగలు యుద్ధభేరులు మ్రోయించుచుండగా, ఆస్ట్రేలియా ఖండపు విక్టోరియా వలసరాజ్యమున, వాటిల్ వాగు తీరమున, అరువది యెకరముల చిఱుసామ్రాజ్యమునకు పట్టపురాణియు, మాలకీ టియర్నన్ ధర్మపత్నియు, ఎనిమిది నెలల కోల్మన్ బాబునకు కన్నతల్లియు, రాబోవు ఆపదలనే కాక రానేరని ఆపదలను సైతము ముందుగా చూడగల దివ్యదృష్టి గలదియు నగు హొనోరాదేవి, తన బెరడు గుడిసె వాకిట నిలిచి వాగువంక చూచుచుండెను.

ఆ నేలపై నెవడైనను కాలు మోపవలెనన్న రాణిగారి భూముల కచేరీ వారు మూడు వ్రతములు విధించిరి. లైసెన్సు పుచ్చుకొన్న నాటినుండి మూడేండ్లు అచ్చటనే కాపురముండవలెను. చుట్టును పశువు దూరని కంచె కట్టవలెను. పదింట నొక యెకరము దున్ని విత్తవలెను. గడువు తీరిన దినమున తనిఖీదారు గుఱ్ఱమెక్కి వచ్చి మూడింటికి మూడు గుర్తులు పెట్టెనా, నేల కాపురమున్నవానిది. ఒక్కటి తప్పెనా, ఆ నేల, ఆ గుడిసె, మట్టిలో నున్న బంగాళదుంపలతో సహా సమస్తమును, వరుసలో నిలిచియున్న తరువాతివానిది. అంతకుముందు ఆ నేల యెవరిదన్న సంగతి మాత్రము ఆ నియమావళి యందే పుటలోను వ్రాయబడలేదు. ఆ గడువు నేటితో తీరెను.

సాగు సంగతి భయము లేదు. ఆరెకరముల ఓట్సు ధాన్యము, దుంపలు గుట్టమీదినుండియే కనబడును. కంచె మాట యందురా? అది మాలకీ భుజబలముచే కాక హొనోరా భయబలముచే నిర్మితమైన దుర్గము. అతడు దుంగపై దుంగ పేర్చి, "ఇక ఆవు రాదు" అనును. ఆమె వంగి చూచి, "పాము?" అనును. అతడు రెమ్మలు దోపును. "అడవికుక్క?" అతడు మరి రెండు దుంగలెత్తును. "దొంగలు?" అతడు తల గోకుకొని మరియొకటి యెత్తును. ఇట్లు ఏ దూడయు కలనైన తలపెట్టని ఎత్తునకు, ఏ కుందేలును దూరజాలని చిక్కదనమునకు ఆ ప్రాకారము పెరిగెను. ప్రతి ప్రాతఃకాలమును ఆమె చంటివానిని చంకనిడుకొని మైలు చుట్టు నడచి, వ్రేలు పట్టు రంధ్రము కనబడిన దానిని పూడ్పించెడిది.

ఇక గేటు. ఒకే మహావృక్షమును చీల్చిన పలకలు. దానికి లోవైపున ఒక అడ్డుగడియ. తలుపు మూసిన తోడనే తనంత తాను కొక్కెములో పడును. బయటినుండి తీయుటకు త్రాడు గాని, తొఱ్ఱ గాని లేదు. తలుపు తిరుగుటకై నేలవైపున రెండంగుళముల సందు మాత్రము విడువక తప్పలేదు.

"బయటనుంచి కూడా తెరుచుకునేలా ఓ తాడు కడతానే," అని మాలకీ అన్నాడు అప్పట్లో.

"దొంగలకి చేతులుండవా?" అన్నది హొనోరా. త్రాడు కట్టబడలేదు.

ఆ దుర్గమున మరియొక మహాశక్తి కలదు. మాలకీ తల్లి గొబ్నెట్ ముసలమ్మ. ఆమెకు పొగాకు పీల్చు మట్టి పైపు ప్రాణము. ఐర్లండు నుండి ఓడలో వచ్చినప్పుడు మూట పోయినను పైపు పోలేదు. పందొమ్మిది దినముల క్రిందట హొనోరా ఆ పైపును లాగికొని తన ఏప్రను జేబులో వేసికొన్నది.

"బెరడు కప్పు అత్తా ఇది. ఒక్క నిప్పురవ్వ చాలు. పిల్లాడితో సహా బూడిదవుతాం."

"అలాగా," అన్నది ముసలమ్మ.

అదియే కడపటి మాట. నాటినుండి ఆ వృద్ధ మౌనమను కవచము తొడిగి, గరిటెను గిన్నెపై కొట్టుటచేతనే సమస్త కార్యములను నడుపుచుండెను. కొడుకు బ్రతిమాలెను. మనుమడు నవ్వెను. కవచము చెక్కుచెదరలేదు.

ఇట్లుండ, దొరకు ఎదురేగుటకై మాలకీ రేవు కడకు పోయెను. పోయి అరగంటయైనను కాలేదు, హొనోరా హృదయసాగరమున సుడిగాలి లేచెను. రేవులో దొరగారి గుఱ్ఱము జారెనేమో. జారి దొరగారి కాలు విరిగెనేమో. విరిగిన కాలికి మాలకీయే కారణమని వ్రాసికొనునేమో. ఒక్క చూపు చూచిన తప్పేమి? అని తలచి ఆమె గడియ యెత్తి, తలుపు జానెడు తీసి, తల మాత్రము బయట పెట్టెను.

ఆ జానెడు చాలెను. డచెస్ అను నామధేయము గల మూడు నెలల వరాహకన్యక, శ్వేతవర్ణ, వక్రవాల, దుంపల పళ్ళెమునందు తప్ప మరెందును భక్తి లేనిది, ఆమె పాదముల నడుమనుండి బాణమువలె దూసికొని పోయెను. హొనోరా కెవ్వున కేకవేసి రెండంగలలో దానిని పట్టి చంకనిడుకొన్నది. వెనుక గాలి వీచెను. తలుపు మూసికొనెను. లోపల గడియ పడెను.

ఠక్.

మూడేండ్లలో మొదటిసారి ఆ తల్లి తన నేలకు వెలుపల నిలిచెను. లోపల చంటివాడు తొట్టిలో నిదురించుచుండెను. చెట్టుపై నవ్వుపిట్ట యొకటి విరగబడి నవ్వెను.

అప్పుడామె గేటునెదుట నిలిచి మనమున ననుకొన్న మాటలివి. "ఓరి కాష్ఠాధమా! నిన్ను నఱికించినది నేను, నీకు మేకులందించినది నేను, నీ గడియను లోపల పెట్టించినది నేను! నన్నే నిరోధింతువా? దారి యిమ్ము, కాదేని నేటి సాయంకాలము నీవు నా పొయ్యిలో కట్టెవు!" నోటివెంట వచ్చినది మాత్రమిది.

"అత్తా! ఓ అత్తా! కాస్త గడియ తియ్యవూ!"

గుడిసెలో గరిటె ఒక్కసారి మ్రోగెను. తీయుట మాత్రము లేదు.

అంత హొనోరా యుద్ధమునకు గడంగెను. ప్రథమ ముట్టడి పాతాళమార్గమున. నేలబారుగా పడి దుంగల క్రింద దూరబోయెను. రెమ్మల ముళ్ళు ఆమె శిరోజములను పట్టి వెనుకకు లాగెను. పాముల కొఱకు తానే దోపించిన రెమ్మలవి. ద్వితీయ ముట్టడి పార్శ్వమార్గమున. పందిని చంకలోనుండి దింపక కంచె వెంబడి మైలు పొడవున పరుగెత్తి, రంధ్రమునకై వెదకెను. రంధ్రమెక్కడిది? నేటి ప్రొద్దుననే కదా వెదకి పూడ్పించినది! చెమట, ఈగలు, పంది, మూడును ఒక్కటిగా ఆమెకు అంటుకొనెను. తృతీయ ముట్టడి ఆకాశమార్గమున. దుంగమీద దుంగ పట్టి, పంటితో పావడ యంచు పట్టి, పందిని భుజముపై నెక్కించుకొని, వీరాంగన శిఖరము నందెను. అందిన తోడనే పావడ కొయ్య మొనకు తగులుకొనెను. ముందునకు పోలేదు. వెనుకకు రాలేదు.

సరిగా ఆ ముహూర్తముననే రెండు గుఱ్ఱములు వంపు తిరిగి వచ్చెను. ఒకదానిపై మాలకీ. మరొకదానిపై కచేరీ వారి తనిఖీదారు సెప్టిమస్ క్రౌచ్ దొర. సన్నని మనిషి, నల్లకోటు, చేత పుస్తకము, చెవిమీద పెన్సిలు.

"అదేంటే, అక్కడెక్కావు?" అన్నాడు మాలకీ.

"ఎక్కలేదయ్యా. దిగలేకపోతున్నాను."

క్రౌచ్ దొర గుఱ్ఱము దిగలేదు. ఆమెను చూచెను, కంచెను చూచెను, పందిని చూచెను.

"ఎంతసేపట్నుంచి అమ్మా?"

"గంట పైనే అయింది దొరగారూ."

"పంది కూడానా?"

"పందీ కూడా."

దొర వ్రాసికొనెను. "నిజంగానే లోపలికి పోవాలని ప్రయత్నించారా? నా ముందు ఏదో నాటకం కాదు కదా? చాలా ఊళ్ళలో నాటకాలు చూశాను."

హొనోరా కన్నుల నీరు గిరగిర తిరిగెను. "నా పిల్లాడు లోపల నిద్రపోతున్నాడు దొరగారూ. లేచి తొట్టిలోంచి పడితే? ఏ పామో వస్తే? నాటకం ఆడతానా?"

దొర అప్పుడు దిగెను. మాలకీ భార్యను పావడ చినుగు చప్పుడుతో దింపెను. దొర కంచెను బూటుతో తన్ని చూచెను, భుజముతో నెట్టి చూచెను, పెన్సిలు దూర్చి చూచెను. పెన్సిలు విరిగెను. వేరొక పెన్సిలు తీసి, "పిల్లవాడి తల్లే దూరలేకపోతే ఇంక ఆవేం దూరుతుంది," అని కంచెకు ఎదురుగా గుర్తు పెట్టెను. గుట్టమీదినుండి చూచిన సాగుకు ముందే పెట్టియుండెను.

"ఇంక కాపురం," అన్నాడు. "లోపల ఎవరున్నారు?"

"మేమే కదండీ," అన్నాడు మాలకీ.

"మీరు బయట ఉన్నారు. ఆవిడ బయట ఉంది. పంది కూడా బయటే ఉంది. నేను వచ్చినప్పుడు లోపలనుంచి పెద్దవాళ్ళొకరు పలకాలి. అది రూలు. ఇప్పుడు దూకి లోపలికి పోయినా చెల్లదు."

"మా అమ్మ ఉందండీ!"

గేటు పలకల క్రింద రెండు నల్లని బూట్ల మొనలు ప్రత్యక్షమయ్యెను. ముసలమ్మ గరిటె, గిన్నెలతో వచ్చి గడియ ప్రక్కన నిలిచియుండెను. నిలిచి, ఊరకుండెను.

"అదిగోండి దొరగారూ, బూట్లు!" అన్నది హొనోరా.

"బూట్లు కాపురం చెయ్యవమ్మా. మూడుసార్లు పిలుస్తాను. సాయంత్రంలోపు ఇంకో రెండు భూములు చూడాలి." అని దొర గొంతు సవరించుకొని, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని పిలిచెను.

బూట్ల మొనలు కదలలేదు.

"అమ్మా! ఒక్క మాట చెప్పు. ఊ అన్నా చాలు!" అని మాలకీ పలకల క్రింది సందున నోరు పెట్టి వేడుకొనెను.

గరిటె ఒక్కసారి మ్రోగెను.

"గరిటె కూడా లెక్కలోకి రాదు," అన్నాడు దొర. "లోపల ఎవరైనా ఉన్నారా? ఇది రెండోసారి."

అరువది యెకరములు, ఆరెకరముల పైరు, మైలు కంచె, వేయి ప్రొద్దుల చెమట, కోల్మన్ బాబు రేపటి అన్నము, సమస్తమును ఒక వృద్ధురాలి పెదవులపై వ్రేలాడుచుండెను. ప్రొద్దున తాను చూచిన ఒంటిపిట్ట తప్పలేదని హొనోరా గ్రహించెను. ఆమె చేయి తనంత తాను ఏప్రను జేబులోనికి పోయెను. ఒకవంక దొర పెన్సిలు, ఒకవంక బెరడు కప్పు. ఒకవంక నేల పోవుట, ఒకవంక ఇల్లు తగులబడుట. పిల్లల తల్లికి ఇంతకన్న ఘోరమైన తూకము వేఱొకటి కలదా? పందొమ్మిది దినములు కాపాడిన ఆ మట్టి పైపును ఆమె తీసి, పలకల క్రింది సందున లోనికి చాచెను.

"తీసుకో అత్తా. కానీ వాకిట్లోనే. ఇంట్లో కాదు. పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకుని. నిండుగా."

ముడుతలు పడిన వ్రేళ్ళు రెండు సందునకు వచ్చి పైపును గ్రహించెను. ఆవల అగ్గిపుల్ల గీచిన చప్పుడు. పిదప ఒక నీలిధూమరేఖ విజయపతాకవలె ప్రాకారముపైకి లేచెను.

"మూడోసారి," అన్నాడు క్రౌచ్ దొర. "లోపల ఎవరైనా ఉన్నారా?"

జోరీగలు రొద మానెను. నవ్వుపిట్ట సైతము నోరు మూసెను. డచెస్ చెవులు రిక్కించెను. మాలకీ టోపీ తీసి రొమ్మునకు హత్తుకొనెను. ధూమరేఖ రెండవ వంక తిరిగెను, మూడవ వంక తిరిగెను. దొర పెన్సిలు కాగితమున కంగుళము దూరమున ఆగెను. అప్పుడు, ఓ తల్లులారా, పందొమ్మిది దినముల మౌనదుర్గము కూలి, మూడేండ్ల వ్రతము ఫలించి, అరువది యెకరముల భూమండలము టియర్నన్ వంశమునకు శాశ్వతముగా దక్కినట్టి ఆ జయఘోష గేటు ఆవలినుండి తీరికగా వెలువడెను.

"ఉన్నానయ్యా. మూడేళ్ళనుంచీ ఇక్కడే ఉన్నాను, ఎక్కడికి పోతాను? ఈ కోడల్ని లోపలికి రానివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాను."