మూడో అంతస్తులో అరుదైన పిట్ట

ఆ మంగళవారం ఉదయం స్టూరె ఎక్‌బ్లాద్ భార్యకు ఒక అబద్ధం చెప్పి ఇంట్లోంచి బయలుదేరాడు. "స్క్రూలు అయిపోయాయి, సెంటర్‌కి వెళ్ళొస్తా" అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో అతను చెప్పిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, అవన్నీ స్క్రూలకు సంబంధించినవే. స్వీడన్‌లోని వెస్టెరోస్ పట్టణంలో ముప్పై అయిదేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషికి అంతకన్నా నమ్మకమైన అబద్ధం ఏం దొరుకుతుంది! మయ్‌లీస్ "పాలు కూడా పట్టుకురా" అని మాత్రం అంది.

అసలు పని వేరు. కోటు లోపలి జేబులో అయిదు వేల క్రోనర్లున్నాయి. పక్కన ఒక నోటుపుస్తకం ఉంది. మొదటిసారి డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనేవాళ్ళు ఏం చూసుకోవాలో మూడు వారాలు చదివి అందులో రాసుకున్నాడు. ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఏ లెన్సు, సెకండ్‌హ్యాండ్‌లో ఏం పరీక్షించాలి, అన్నీ ఉన్నాయి. లిఫ్టు మోటారు కొనడానికైనా అతను ఇంత చదవలేదు.

మార్చిలో మయ్‌లీస్ అక్క పోయింది. అంత్యక్రియల తర్వాత అందరూ కాఫీకి కూర్చున్నప్పుడు, కొవ్వొత్తి పక్కన ఆవిడ నవ్వుతున్న ఫొటో పెట్టారు. అది మయ్‌లీస్ తీసిందే. తిరిగొస్తూ కారులో, "నా వంతు వచ్చినప్పుడు ఖాళీ ఫ్రేము పెట్టెయ్యండి, నా ఫొటో ఒక్కటి లేదు" అని ఆవిడ తేలిగ్గా అనేసి కిటికీ అద్దం దించుకుంది. ఆ మాట స్టూరెకి తేలిగ్గా తగల్లేదు. మర్నాడు ఆల్బములు పద్నాలుగూ దించి చూశాడు. ఆ ఇంట్లో కెమెరా ఎప్పుడూ మయ్‌లీస్ చేతిలోనే ఉండేది. అతనున్నాడు, పిల్లలున్నారు, రెండు కుక్కలున్నాయి, అమ్మేసిన మూడు కార్లూ ఉన్నాయి. మయ్‌లీస్ మాత్రం ఒకచోట మోచెయ్యిగా, ఒకచోట మంచు మీద నీడగా, ఇంకోచోట కారు అద్దంలో సగం మొహంగా ఉంది. అతనికి భయమేసింది.

ఫోనుతో ప్రయత్నించకపోలేదు. "ఇలా ఇవ్వు, నీ కాలరు మడత పడింది" అంటూ ఆవిడ ఫోను లాక్కుని అతన్నే తీసింది. భయాన్ని పైకి చెప్పుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు కనక, స్టూరె మంచి కెమెరా కొనాలని నిశ్చయించుకున్నాడు.

కెమెరా షాపులో టోకెన్ తీసుకుని నిలబడ్డాడు. అతని నంబరు రాగానే యిల్వా అనే అమ్మాయి కౌంటరు వెనక నుంచి నవ్వింది.

"ఏం ఫొటోలు తీద్దామనుకుంటున్నారు?"

నోటుపుస్తకంలో లేని ప్రశ్న ఇదొక్కటే. జవాబు తెలుసు. కానీ వెనక నలుగురు చేతుల్లో టోకెన్లతో, ఊపిరి కూడా చప్పుడు కానివ్వకుండా నిలబడి ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో అరవై తొమ్మిదేళ్ళ మనిషి 'మా ఆవిడ మొహం' అని ఎలా అంటాడు? స్టూరె చెవులు ఎర్రబడ్డాయి.

"పిట్టలు" అన్నాడు.

యిల్వా కళ్ళు మెరిశాయి. ఎంతలో కావాలో కనుక్కుని చెప్పింది: "అయిదు వేలలో అయితే ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా, ఒక లెన్సు వస్తాయి. రెండు లెన్సులు రావు. కొత్తవాళ్ళంతా కెమెరా మీద డబ్బు పోసేసి లెన్సు దగ్గర చేతులెత్తేస్తారు, మీరు అలా చెయ్యకండి." బల్లమీద రెండు లెన్సులు పెట్టింది. "లెన్సు కొనడమంటే ఎంత దూరంలో నిలబడతారో తేల్చుకోవడం, అంతే. ఈ చిన్నది, యాభై మిల్లీమీటర్లది, ఇంట్లోవాళ్ళకి. దీంతో తియ్యాలంటే దగ్గరికెళ్ళాలి, మాట్లాడాలి. ఈ పొడుగుది మూడు వందలది. మీరున్నట్టు అవతల తెలియనే తెలియదు."

స్టూరె చిన్నదాని వైపు ఆశగా చెయ్యి చాపాడు. "ఒకవేళ ఇది..."

"అది పిట్టలకి పనికిరాదండీ" అంది యిల్వా ఖచ్చితంగా. నిజాయితీ గల పిల్ల. "పొడుగుదానికి ఒకటే లోపం. నాలుగు మీటర్ల లోపు ఉన్నది స్పష్టంగా పడదు. అయినా పిట్టలు అంత దగ్గరికి రావుగా?"

రావని స్టూరె ఒప్పుకున్నాడు. పొడుగు లెన్సు, పాల ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"స్క్రూలేవి?" అంది మయ్‌లీస్, సంచీలోకి తొంగిచూసి.

"పిట్టలు" అన్నాడు స్టూరె. ఒకసారి పట్టిన దారి వదలడం అతనికి చేతకాదు.

"పిట్టలా! మంచిదేలే, నాలుగడుగులు నడుస్తావు" అని మయ్‌లీస్ నిజంగానే సంతోషించింది. సాయంత్రానికి లైబ్రరీ నుంచి పిట్టల పుస్తకం తెచ్చింది, బాల్కనీలో గింజల డబ్బా వేలాడదీసింది. ఆ గింజలు చూసి స్టూరెకి తల కొట్టేసినట్టయింది.

వాళ్ళ వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి రెండున్నర మీటర్లు. ఆ ఫ్లాటులో నాలుగు మీటర్లు దాటాలంటే బాత్‌టబ్ అంచుమీద కూర్చుని, తలుపు తెరిచి, నడవా గుండా వంటింట్లోకి గురిపెట్టాలి. అలా తీస్తే ఒక చెవి, సగం కప్పు వచ్చాయి, రెండూ వణుకుతూ. "కడుపులో బాగాలేదా?" అని మయ్‌లీస్ తలుపు దగ్గర నిలబడి అడిగేసరికి ఆ ప్రయత్నం మానుకున్నాడు.

ఇక మిగిలింది బయటి ఆవరణ. మయ్‌లీస్ రోజూ ఉదయం ఆరుంపావుకి నీలం గౌనుతో, కాఫీ కప్పుతో బాల్కనీలోకి వస్తుంది. ఎదురుగా సైకిల్ షెడ్డు దగ్గర నిలబడితే సరిగ్గా నడుము పైవరకూ ఫ్రేములో పడుతుంది. కానీ స్టూరె కెమెరా ఎత్తడం, ఆవిడ గబుక్కున లోపలికి తప్పుకోవడం, అయిదు రోజులూ ఇదే తంతు. అయిదు రోజుల్లో అతను గింజల డబ్బాని మాత్రం చాలా బాగా తీశాడు.

ఆ బిల్డింగులో ఎవరూ ఎవరినీ మొహం మీద ఏమీ అనరు. అనవలసిందంతా రాసి, కింద అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ గది తలుపుకి అంటిస్తారు. ఆరో రోజు అక్కడ కాగితం కనిపించింది: 'పొడుగు లెన్సుతో సైకిల్ షెడ్డు దగ్గర నిలబడే వారికి. మా కర్టెన్లు ఇకపై మూసే ఉంటాయి. ఇట్లు, ఇక్కడ నివసించేవాళ్ళం.' చివర నవ్వుతున్న బొమ్మ కూడా వేశారు, అంటే కోపం బాగానే వచ్చిందన్నమాట. ఆరు నెలల చీకటి తర్వాత వచ్చిన మే నెల ఎండలో, మూడు అంతస్తుల కిటికీలకీ కర్టెన్లు పడిపోయాయి.

ఆ కాగితం సంగతి మాట్లాడటానికి బొర్యె వచ్చాడు. ఫ్లాట్ల సంఘానికి అధ్యక్షుడు, ఆ ఊరి పిట్టల క్లబ్బుకి కార్యదర్శి. రెండో పదవే అతనికి ముఖ్యం.

"స్టూరె, నేనేమీ అడగడం లేదు. కానీ జనం అడుగుతున్నారు. అక్కడ ఏం తీస్తున్నావ్?"

నిజం చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు. స్టూరె నోరు తెరిచాడు కూడా. "పిట్ట" అనే మాటే బయటికొచ్చింది.

"మన బిల్డింగులోనా? ఏ పిట్ట?"

స్టూరె కళ్ళముందు మయ్‌లీస్ తప్ప ఇంకేదీ లేదు. "నీలం. తలమీద బూడిదరంగు, అక్కడక్కడా తెలుపు."

"సైజు?"

"దూరం నుంచి చెప్పడం కష్టం."

"ఎప్పుడొస్తుంది?"

"ఆరుంపావుకి. మా బాల్కనీలోకే. పది నిమిషాలుంటుంది. కెమెరా ఎత్తితే మాత్రం తప్పుకుంటుంది."

బొర్యె గోడకి ఆనుకున్నాడు. "స్టూరె... అది దక్షిణ ఐరోపా కొండల్లో తిరిగే నీలి పిట్ట అయ్యుండాలి. దారితప్పి వచ్చింది. నేను ఇరవై రెండేళ్ళుగా దాని కోసం..." అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు" అని బతిమాలాడు స్టూరె.

"ఛ, ఛ. ఎవరికి చెబుతాను?" అన్నాడు బొర్యె. ఇంటికెళ్ళి క్లబ్బువాళ్ళ ఫోన్లన్నిటికీ ఒకే సందేశం పంపాడు. క్లబ్బు అంటే అందరూ కాదుగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

శనివారం ఆరు గంటలకి స్టూరె కిందికి దిగేసరికి ఆవరణ నిండా ముదురాకుపచ్చ కోట్లు. ఇరవై ఏడు మంది, ఇరవై ఏడు స్టాండ్లు, అంతకు రెట్టింపు ఫ్లాస్కులు. ఎరెబ్రూ నుంచి ఒక పెద్దావిడ తెల్లవారకముందే బయలుదేరి వచ్చిందట. ఎవరూ మాట్లాడటం లేదు. అందరి లెన్సులూ అతని బాల్కనీ వైపే చూస్తున్నాయి. పారిపోదామనుకున్నాడు, కానీ బొర్యె అతన్ని మర్యాదగా ముందు వరసలో నిలబెట్టాడు. మొదట చూసినవాడికి ఆ గౌరవం ఉంటుందట.

ఆరుంపావుకి బాల్కనీ తలుపు కదిలింది. లెన్సులన్నీ ఒక్కసారి లేచాయి. మయ్‌లీస్ నీలం గౌనుతో, కాఫీ కప్పుతో బయటికొచ్చి కిందికి చూసింది. ఇంకొకరైతే కెవ్వుమనేవారు. ఆవిడ మెల్లగా మెడ తిప్పి తన వెనక్కి చూసింది, పైకప్పు చూసింది, గింజల డబ్బా చూసింది. తర్వాత కాఫీ ఒలక్కుండా మోకాళ్ళు వంచి గోడ చాటున కూర్చుండిపోయింది. పైకి బూడిదరంగు కొప్పు మాత్రం కనిపిస్తోంది.

"నేను అడ్డం లేను, కానివ్వండి" అని గుసగుసగా వినిపించింది. "ఎక్కడుంది?"

స్టూరెకి అప్పుడు తెలిసొచ్చింది. ఆవిడ ఈ అయిదు రోజులూ అతన్ని తప్పించుకోలేదు. అతని పిట్టకి అడ్డం రాకూడదని పక్కకి జరిగింది. నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఫొటోలోంచీ అలాగే జరుగుతూ వచ్చింది, అతను చూడనేలేదు.

"ఎవరండీ ఆవిడ?" అంది ఎరెబ్రూ పెద్దావిడ చిరాగ్గా. "కాస్త లోపలికి వెళ్ళమనండి. ఆవిడ ఉంటే పిట్ట రాదు."

"వెళ్తున్నా, వెళ్తున్నా" అంది కొప్పు.

"వెళ్ళకు, మయ్‌లీస్!"

అంత గట్టిగా అరిచింది ఎవరా అని స్టూరె కూడా ఒక్క క్షణం వెతికాడు. అతనే.

"పిట్టా లేదు, గిట్టా లేదు! ఎప్పుడూ లేదు! కెమెరా కొన్నది నీ కోసం. ఆల్బముల్లో ఎక్కడా నువ్వు లేవు. నాకు నువ్వు కావాలి, మోచెయ్యి కాదు!"

ఆ మాటలు నాలుగు గోడలకీ తగిలి మళ్ళీ వినిపించాయి. మూసిన కర్టెన్ల సందుల్లో కళ్ళు కదిలాయి. బొర్యె తన బూట్లకేసి చూసుకున్నాడు. మయ్‌లీస్ గోడ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"అయితే అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను. మళ్ళీ అడగాలి! ఎవరింట్లోనైనా రెండో కప్పు కాఫీ నువ్వు మొదటిసారికే పుచ్చుకుంటావా ఏంటి?"

ఎరెబ్రూ పెద్దావిడ ఒక నిట్టూర్పు విడిచి, లెన్సు సరిచేసుకుంది. "ఎలాగూ ఇంత దూరం వచ్చాం. ఎండ మొహం మీద బాగా పడుతోంది. కాస్త ఎడమకి తిరుగమ్మా."

మయ్‌లీస్ ఎడమకి తిరిగింది. తిరుగుతూ నవ్వింది. ఇరవై ఏడు కెమెరాలు టకటకమన్నాయి. ఇరవై ఎనిమిదోది మోగలేదు. స్టూరె కళ్ళద్దాలు మసకబారి, వేలు బటన్ మీదే ఉండిపోయింది.

సోమవారం అతను భార్యకి నిజం చెప్పి షాపుకెళ్ళాడు. టోకెన్ పట్టుకున్న జనం ఈసారి ఆరుగురు.

"లెన్సు మార్చాలి. నేను తీసేది మా ఆవిడని" అన్నాడు, ఆరుగురికీ వినబడేలా.

"ముందే చెప్పొచ్చుగా?" అంది యిల్వా.

"ఆ మాట ఇంట్లో చాలాసార్లు విన్నాను" అన్నాడు స్టూరె.

ఆ సాయంత్రం వంటింట్లో, బల్లకి ఇవతల కూర్చుని అడిగాడు. మయ్‌లీస్ వద్దంది. మళ్ళీ అడిగాడు. ఆ వచ్చిన ఫొటోలో ఆవిడ నోరు తెరిచి ఉంది, కాలరు సరిచేసుకోమని చెబుతోంది. ఒక పక్క కాస్త చెదిరింది కూడా. క్లబ్బువాళ్ళు పంపిన ఇరవై ఏడూ దీనికన్నా చక్కగా ఉన్నాయి. స్టూరె ఫ్రేములో పెట్టింది మాత్రం దీన్నే.

లాండ్రీ గది తలుపుమీద పాత కాగితం తీసేసి, బొర్యె కొత్తది అంటించాడు: 'సవరణ. మూడో అంతస్తు పిట్ట గురించిన వార్త ఉపసంహరించుకోవడమైనది. చూసినవి: ఒకటి. ఆడ. వలస వచ్చినది కాదు, ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. మొదట చూసినది: భర్త, ఆలస్యంగా. నివాసులు కర్టెన్లు తెరుచుకోవచ్చు.'