కుప్పం డాక్టరు చెప్పిన నియమాలు

మదనపల్లె టమోటా మార్కెట్‌లో వేలం పాడే లోకేష్ ఆ సోమవారం పొద్దున్నే చన్నీళ్లు పోసుకుని, బిగుతు జీన్సు పక్కన పడేసి, వదులైన నల్ల లుంగీ కట్టాడు. పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. తెలిసినవాళ్ల కంట పడకూడదని కుప్పం దాకా వెళ్లి చూపించుకుంటే, "వీర్యకణాలు తక్కువగా ఉండాయి. భయం లేదు. సిగరెట్టు, మందు మానండి. వేడినీళ్ల స్నానం, బిగుతు బట్టలు వద్దు. మూడు నెలలు చూద్దాం" అన్నాడు డాక్టరు.

మార్కెట్‌లో క్రేట్లు అద్దెకిచ్చే బాబు సాహెబ్ రోజూలాగే సిగరెట్టు ఇవ్వబోయాడు.

"వద్దు సాహెబ్. మానేసినా."

"మందు?"

"అదీ మానేసినా."

బాబు సాహెబ్ అతని తడి జుట్టు చూశాడు, నల్ల లుంగీ చూశాడు. కార్తీక మాసం. గబుక్కున తన సిగరెట్టు కూడా ఆర్పేశాడు.

"మాటైనా చెప్పకుండా అయ్యప్ప దీక్ష పడ్తివే స్వామీ! మాల యాడప్పా?"

నిజం చెబితే టమోటా ధరకంటే ముందు తన కణాల లెక్క ఊరంతా పాకుతుంది.

"రేపు ఏసుకుంటా" అన్నాడు లోకేష్.

మధ్యాహ్నానికి హమాలీలు లేచి నిలబడి దారి ఇచ్చారు. కాయలు అమ్ముకున్న పుంగనూరు రైతొకడు ఈ కబురు లోకేష్ అత్తగారు పూలమ్మకు మోశాడు. ఆమె సాయంత్రం బస్సుకే దిగింది.

"నలభై ఒక్క రోజులు బిడ్డను మా ఇంటికి పిల్సుకొని పోతాండా స్వామీ. నియమం తప్పకూడదు."

లోకేష్ భార్య రెడ్డిరాణి మొగుణ్ణి చూసింది. అతను నేల చూశాడు. ఆమె సంచి సర్దుకుంది.

మూడో రోజు ఫోను చేసింది. "మూడు నెలల్లో సగం ఈడే అయిపోతాది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

లోకేష్ పుంగనూరు చేరేసరికి పూలమ్మ అతని కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కడానికి వంగింది. అతను ఎగిరి వెనక్కి గెంతాడు.

"మొక్కొద్దత్తా! దీక్ష లేదు, ఏమీ లేదు. లోపం నాలో ఉండాదంట. డాక్టరు అన్నీ మానమన్యాడు... భార్యను కాదు."

పూలమ్మ పిల్లల కోసం ఆరేళ్లుగా కూతురి చేత ఉపవాసాలు చేయించిన మనిషి. ముందు కూతురి తల నిమిరింది. తర్వాత అల్లుడికి చల్లటి మజ్జిగ ఇచ్చింది.

"ఇది చెప్పేదానికి సిగ్గేలప్పా? నా బిడ్డ ఇన్నాళ్లు పస్తులుండె గదా."

"తప్పేనత్తా. బస్సు ఇంకో గంటకుండాది, దాంట్లో పోతాం."

"గంటా?" అంటూ పూలమ్మ వీధిలోకి వెళ్లి ఆటో పిలిచింది. మదనపల్లె దాకా టీకి కూడా ఎక్కడా ఆపొద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పింది.