పస్తు మీద పాస్తా

ఆ శనివారం పొద్దున రామచంద్రం వేసుకున్న ప్లాన్ చిన్నదే. పది గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో తన చేనేత గుడ్డల షాపు షట్టర్ ఎత్తాలి. ఆరుకు దించాలి. ఏడుకు ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర కొత్తగా వెలసిన ఇటలీ హోటల్లో ఇద్దరు దోస్తులతో కూర్చుని తినాలి. పెట్టింది ఏదైనా సరే, బాగుందనాలి. ఈ చివరిదొక్కటే కష్టం. యాభై రెండేళ్ల జీవితంలో రామచంద్రం బాగుందని ఒప్పుకున్నవి మూడో నాలుగో ఉంటాయి. వాటిలో తిండి లేదు.

బాగుందనాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ హోటల్ ఓనర్ అభిరామ్ వనస్థలిపురంలో రెండో బ్రాంచి తెరుస్తున్నాడు. అక్కడి టేబుళ్ల మీదికి రెండొందల పోచంపల్లి గుడ్డలు కావాలట. కరెంటు ఆఫీసులో పనిచేసే కనకరాజు, హోటల్‌కు మీటరు బిగించిన పరిచయంతో మాట కదిపాడు. రామచంద్రం దగ్గర శాంపిల్ కట్ట తీసుకుని నెల కిందటే అక్కడ ఇచ్చి వచ్చాడు. ఊళ్లో తమ్ముడు మధు ఇంట్లో నాలుగు మగ్గాలు మూడు నెలల నుంచి ఆగిపోయి ఉన్నాయి. ఇప్పుడు వాటి మీద తడి బట్టలు ఆరేస్తున్నారు. ఈ ఆర్డర్ వస్తే నాలుగూ మళ్లీ ఆడతాయి. రాకపోతే తడి బట్టలకు ఢోకా లేదు.

"ఓనర్ మంచోడే గని జర నాజూకు మనిషి" అని కనకరాజు ముందే ఫోన్లో హెచ్చరించాడు. "నువ్వు షాపుల కస్టమర్ల మీద లేసినట్టు లేవకు. ఏం పెట్టినా మస్తుంది అను. అంతే నీ పని."

చంపాపేట్‌లోని ఇంట్లో గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ రామచంద్రం తల్లికి చెప్పాడు. రాజమ్మకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోయే దారిలో ఉంది.

"అమ్మా, రాత్రికి నాకు వండకుండ్రి."

"ఎందుకు బిడ్డా?"

"ఇయ్యాల పాస్తా."

"పస్తా?"

"ఔ, పాస్తనే."

"పూరాగ పస్తేనా?"

"మరి? అండ్ల ఇంకేముంటది? దానికోసమే పోతున్న."

పస్తు అనే మాటను ప్రశ్నగా అడిగితే పస్తా అవుతుంది. ఆ పిండివంటకు పేరు పెట్టిన ఇటలీవాడికి ఈ సంగతి తెలియదు. చెప్పేవాళ్లు ఆ ఊళ్లో లేరు.

రాజమ్మ మాత్రం చేతులు జోడించింది. శనివారం, పైగా పొద్దున్నే బయలుదేరుతున్నాడు, దానికోసమే పోతున్న అన్నాడు. ఇంకేముంది, కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడికే అనుకుంది. వంటింట్లోకి వెళ్లి కోడలికి చెప్పింది. "మాలతీ, వానికి టిఫిన్ డబ్బ కట్టకే. దేవునికి పస్తున్నడు."

"ఆయననా?" మాలతి గరిటె దించింది. "చాయ్ పది నిమిషాలు లేటయితే ఇల్లు పీకి పందిరేస్తడు గదా అత్తమ్మా."

"బుద్ధి ఎప్పుడొస్తదో ఎవరు చెప్పొచ్చిండ్రు. అడిగి వాని మనసు ఇరవకు. ఒక అరటిపండు పెట్టు, సాలు."

మాలతి అరటిపండు పెట్టింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొగుడి మీద గౌరవం కలగడం ఇది రెండోసారి గనుక, పండు కాస్త పెద్దదే చూసి పెట్టింది.

మధ్యాహ్నం రామచంద్రం డబ్బా తెరిచి ఆ పండును చాలాసేపు చూశాడు. ఫోన్ చేసి నిలదీయాలనుకున్నాడు. అంతలోనే భార్య తెలివి తనకు అర్థమైనట్టు తోచింది. రాత్రి దావత్ ఉంది కదా, కడుపు ఖాళీగా ఉంచుకుని పొమ్మని దీని భావం. నిజమే, మధ్యాహ్నం అన్నం తిని రాత్రి విందుకు పోవడం తెలివితక్కువవాళ్లు చేసే పని. పండు తిన్నాడు. నాలుగింటి చాయ్ కూడా మానేశాడు.

అదే సమయానికి ప్లాట్ల బ్రోకరు నగేశ్ అతనికి ఫోన్ చేశాడు. దోస్తుల్లో రెండోవాడు. ఎంత మంచివాడంటే అతను చేసిన సాయం నుంచి కోలుకోవడానికి మనుషులకు నెల పడుతుంది. రామచంద్రం కస్టమరుతో తగాదాలో ఉండి ఎత్తలేదు. నగేశ్ ఇంటికి చేశాడు. రాజమ్మ ఎత్తింది.

"వాడా కొడుకా, పొద్దటి సంది పస్తున్నడు. నోట్ల నీళ్లు పోసుకోలే."

నగేశ్ నమ్మేశాడు. షాపు సరిగ్గా నడవడం లేదని తెలుసు. మరీ ఇంతకు వచ్చిందని తెలియదు. వెంటనే కనకరాజుకు చెప్పాడు. "మనోడు పస్తులుంటున్నడురా. మనం ఏం తినొద్దు. అన్నీ వానికే పెడదాం. ఎరిక ఉన్నట్టు మాత్రం తెల్వనియ్యొద్దు."

ఏడింటికి ముగ్గురూ మూడో అంతస్తులోని ఇటలీ హోటల్ చేరారు. లోపల చీకటి. ఒక్కో టేబుల్ మీద ఒక్కో కొవ్వొత్తి వెలుగుతోంది. రామచంద్రం జేబు తడుముకుంటే కళ్లద్దాలు షాపులోనే ఉండిపోయాయని తెలిసింది.

"కరెంటు ఆఫీసోనివి నువ్వుండంగ గీ చీకటేందిరా?" అన్నాడు కనకరాజుతో.

"గట్లనే ఉండాలెనట. ఇటలీ పద్ధతి."

మొదట రెండు రొట్టెముక్కలు వచ్చాయి, బల్ల మీద కొడితే చప్పుడయ్యేంత గట్టివి. తర్వాత ఎర్రగా ఒక సూప్ వచ్చింది. దాని మీద తులసాకు లాంటిది తేలుతోంది. రామచంద్రం తీర్థం అనుకుని చేయి పట్టబోయి సర్దుకున్నాడు. ఆ తర్వాత, పెళ్లిలో పెద్ద పళ్లెం అంతటి పళ్లెంలో, నడిమధ్యన పిడికెడు పాస్తా వచ్చింది. చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో నగేశ్ రెండు ప్లాట్లు అమ్మగలడు.

రామచంద్రం ఒక ముక్క కొరికాడు. ముక్క కూడా తిరిగి కొరికినట్టనిపించింది. వెయిటరును పిలిచాడు.

"ఇది ఉడకలే."

"సార్, పంటికి తగలాలి. అదే ఒరిజినల్."

"తగిలింది. పన్ను కదిలింది. మా ఇంట్ల గిట్ల దించితే అత్తాకోడండ్ల లొల్లి అయితది."

కనకరాజు బల్ల కింద కాలు తొక్కాడు. "మస్తుంది" అన్నాడు రామచంద్రం వెయిటరుతో, మొహం తిప్పుకుని.

అంతలో నగేశ్ తన పళ్లెం అతని ముందుకు నెట్టాడు. కనకరాజూ నెట్టాడు. "మాకు ఆకలి లేదురా. నువ్వు తిను."

"నేనెందుకు తినాలె మీయి?"

"తిను, తిను" అన్నాడు నగేశ్, ఫోర్కు అతని చేతిలో పెడుతూ.

రామచంద్రానికి ఒళ్లు మండింది. వీళ్లకు నోట పెట్టబుద్ధి కాక తన మీదికి తోస్తున్నారు. పొద్దటి నుంచి అరటిపండు మీద బతికిన కడుపు ఒకవైపు, మూడు పళ్లేల పచ్చి పిండి మరోవైపు. "నేనేమన్న కుడితి తొట్టినా?" అన్నాడు.

నగేశ్ ఇక ఆగలేకపోయాడు. భుజం మీద చేయి వేశాడు. "దోస్తుల కాడ సిగ్గేందిరా. నాకంత ఎరికే. పస్తులుంటున్నరట గద. అమ్మ చెప్పింది."

అరటిపండు ఎందుకొచ్చిందో రామచంద్రానికి అప్పుడు తెలిసింది. తల్లి ఏం విన్నదో, కోడలికి ఏం చెప్పిందో, వీడు ఏం అర్థం చేసుకున్నాడో వరసగా తెలిసింది. ఆకలితో ఉన్న మనిషికి అన్నీ ఒకేసారి తెలియడం మంచిది కాదు.

"నేను పస్తులుంటున్ననా?" లేచి నిలబడ్డాడు. "నేను అసలు సరుకు అమ్మెటోన్ని. దొంగ సరుకు అమ్మితే ఈపాటికి మూడు మేడలు కట్టేటోన్ని. ఇగో, గీ టేబుల్ మీది గుడ్డ చూడు. పోచంపల్లి అని పరిచిండ్రు. ప్రింటు. పాలిస్టర్ మీద కొట్టిన ఉత్త ప్రింటు. గిసుంటిది అమ్మినోడు కడుపునిండ తింటుండు, కొన్నోడు నెత్తి మీద చెంగేసుకోవాలె."

పక్క టేబుళ్లవాళ్లు తమ గుడ్డల వైపు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో మర్యాదగా దగ్గారు. ముప్పై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా. బెజవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు.

"నమస్తే అండీ, నేను అభిరామ్‌ని. ఇది ప్రింటా అండీ?"

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కాని గుడ్డ గురించి అడిగినవాడికి చూపించకుండా వదలడం రామచంద్రం వంశంలో లేదు. "పోచంపల్లి గుడ్డకు ముందూ వెనకా ఉండదు సార్. పోగుకే రంగు అద్ది నేస్తం, రెండు దిక్కులా ఒక్కతీరుంటది. ప్రింటుకు వెనక రంగు తేలిపోతది. సూడున్రి." అంటూ గుడ్డ అంచు పట్టుకుని తిరగేశాడు. సూప్ గిన్నె కనకరాజు ఒళ్లోకి వెళ్లింది. రొట్టెముక్క కింద పడి పగలకుండా దొర్లింది.

కొవ్వొత్తి దగ్గరగా, ముక్కు ఆనించి చూస్తే, వెనక వైపు కూడా ముందు వైపులాగే ఉంది. మూలన ఇంకుతో ఏదో రాసి ఉంది. "రా. చం., శాంపిల్." చేతిరాత తనదే.

"మీరు పంపిన గుడ్డేనండీ" అన్నాడు అభిరామ్ నెమ్మదిగా. "మీకు సర్‌ప్రైజ్‌గా ఉంటుందని ఈ పూట మీ టేబుల్ మీదే వేయించాను."

తన సరుకును తానే దొంగదని పదిమందిలో అరిచిన వ్యాపారి లోకంలో రామచంద్రం ఒక్కడే అయి ఉంటాడు. ఊళ్లో నాలుగు మగ్గాల మీద తడి బట్టలు కళ్ల ముందు ఊగాయి.

"ఇది... ప్రింటు కాదు సార్. అసలుదే."

"ఇందాక ప్రింట్ అన్నారు కదండీ."

"చీకట్ల గట్ల కనవడ్డది."

ఇక్కడ నగేశ్ సాయానికి దిగాడు. దోస్తు ఓనరుకు భయపడి మాట మారుస్తున్నాడని అతని బాధ. "భయపడకురా. సార్, మావోడు చెప్పిండంటే చెప్పినట్టే. ఇది ప్రింటే. నేను రుజువు చేస్త."

"ఒద్దురా నగేశ్."

"నువ్వు ఊకో. నువ్వే చెప్పినవ్ గద, పోగు కాలిస్తే దొంగది ప్లాస్టిక్ లెక్క కరిగి ఉండ కడ్తది, అసలుది కాగితం లెక్క కాలి బూడిదైతది అని." అంటూ అంచు కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి కొవ్వొత్తికి పెట్టాడు. పోగు ఊడి రాలేదు. ఊడనిది గనుక నిప్పు దాని వెంటే గుడ్డ మీదికి నడిచి వచ్చింది. అసలు నూలు గదా, ఎవరినీ నిరాశపరచకుండా మండింది.

కనకరాజు నీళ్ల జగ్గు ఎత్తి విసిరాడు. సగం మంట మీద, సగం అభిరామ్ తెల్ల చొక్కా మీద పడింది. వెయిటరు రెండో సూప్ గిన్నె బోర్లించాడు. మంట ఆరింది. కొవ్వొత్తి కూడా ఆరింది. పక్క టేబుల్ వాళ్లు, ఇది కూడా ఇటలీ పద్ధతేమో అని ఫోన్లు తీసి వీడియో తీసుకున్నారు.

లైట్లు వేశారు. బల్ల మీద బారెడు గుడ్డ బూడిద. అభిరామ్ వేళ్లతో నలిపి చూశాడు. మెత్తగా రాలిపోయింది.

"బూడిదే" అన్నాడు.

"అసలుదని చెప్పిన గద సార్" అన్నాడు రామచంద్రం. పోయిన ప్రాణం లేచి వచ్చింది. తన జీవితంలో నగేశ్ చేసిన మొదటి మేలు ఇదేననుకున్నాడు. "ఇంత రుజువు ఏ వ్యాపారీ చూపెట్టడు."

"ఒప్పుకున్నానండీ. అచ్చమైన నూలు." అభిరామ్ చొక్కా పిండుకున్నాడు. "అందుకే అడుగుతున్నా. నా దగ్గర ప్రతి టేబుల్ మీదా క్యాండిల్ ఉంటుంది. మీరన్న ఆ ప్రింట్ గుడ్డ ఉంది చూడండి, అది ఇలా అంటుకుంటుందా?"

రామచంద్రం అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. గుడ్డ విషయంలో రాలేదు. "అంటుకోదు. ముడుసుకుంటది."

"సాస్ పడితే?"

"తుడిస్తే పోతది."

"రేటు?"

"గిండ్ల నాలుగో వంతు."

"అయితే అవే రెండొందలు పంపించండి. మీకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారండీ, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు."

"చెప్పిన కదరా, నీ పని అయితదని" అన్నాడు నగేశ్, కళ్లు తుడుచుకుంటూ.

కిందికి దిగాక చౌరస్తా పక్కన బండి దగ్గర ముగ్గురూ నిలబడి ఇడ్లీలు తిన్నారు. కనకరాజు ప్యాంటు మీది సూప్ ఆరలేదు. రామచంద్రం ఏడో ఇడ్లీ తింటుండగా ఊరి నుంచి మధు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆర్డర్ ఒచ్చిందా?"

"ఒచ్చింది" అన్నాడు రామచంద్రం. అబద్ధం కాదు గనుక వెంటనే అనగలిగాడు. "బట్టలు మాత్రం ఇంకొన్ని దినాలు మగ్గాల మీదనే ఆరెయ్యున్రి."

మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో పెయింటర్ భిక్షపతి వచ్చాడు. షాపు ముందు తండ్రి కాలం నుంచి ఉన్న బోర్డు మీద 'ఇచ్చట ప్రింటు సరుకు అమ్మబడదు' అన్నచోట 'డ'కు కొమ్ము తగిలించి, 'దు' చెరిపి 'ను' రాశాడు. ఒక కొమ్ము, ఒక అక్షరమే కదా అని పైసలు తీసుకోలేదు.