గేర్లొచ్చిన మొగుడు

బండేదిరా, బండేదిరా అని వచ్చినప్పట్నుంచీ నలుగురూ నా ప్రాణం తీస్తున్నారు. కొండెక్కుదామని మోకాళ్లదాకా బూట్లేసుకుని, తాళ్లూ టోపీలూ పట్టుకుని వచ్చారు, బాగానే ఉంది. కానీ బండి లేదు. మా ఆవిడా లేదు. రెండూ ఒకేసారి ఎందుకు లేవో చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. కూర్చోండి. బూట్లు విప్పేసుకున్నా పర్వాలేదు, వాటితో ఇవాళ పనేం పడదు.

దీనంతటికీ మూలపురుషుడు మా బావమరిది. వాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటుంది, అది వాళ్లకి కూడా గుర్తుందో లేదో. మా ఇంట్లో మాత్రం వాడి పేరు ‘ఇప్పుడే ఇచ్చేస్తా’. ఆ మాట అని వాడు పట్టుకెళ్లిన నిచ్చెన మళ్లీ మా గుమ్మం చూడలేదు. డ్రిల్లింగు మిషను పట్టుకెళ్లాడు. కన్నాలు వాళ్ల గోడకి పడ్డాయి, లోటు మా ఇంటికి పడింది. ఇక మా పాత కారు సంగతైతే చెప్పనక్కర్లేదు. ఓ రోజు నేను దాని తలుపు తీస్తుంటే ఎదురింటాయన పరుగెత్తుకొచ్చి, “ఎవరయ్యా నువ్వు? అది ఆ అబ్బాయి కారు!” అని నా చెయ్యి పట్టుకున్నాడు.

అందుకే, కొండలెక్కే పికప్పు కొందామని అనుకోగానే నాకు కొండలు గుర్తు రాలేదు. బావమరిది గుర్తొచ్చాడు.

అప్పుడు మెరిసింది ఆలోచన. మా పాత కారు ఆటోమేటిక్. వాడు నేర్చుకున్నది దాని మీదే, గేర్లు రావు. మా మామగారికి మోకాలి నొప్పి, క్లచ్చి తొక్కలేరు. మా ఆవిడ, మీకు తెలుసుగా, పెళ్లికి ముందు నుంచీ మొక్కల నర్సరీలో పనిచేస్తోంది, మా ఇంటికొచ్చాక ఆ ఆటోమేటిక్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. అంటే గేర్లబండి కొన్నానంటే అది నాది. అచ్చంగా నాది. ఆదివారం వస్తే నేనూ, మీరూ, కొండా. దొంగలకైతే తాళం వేస్తారు, చుట్టాలకి క్లచ్చి వెయ్యాలి అన్నమాట. నా తెలివికి నేనే మురిసిపోయి కాసేపు అద్దం ముందు నిలబడ్డాను.

“గేర్లదే తీసుకుందాం” అన్నాను భోజనాల దగ్గర, ఏమీ ఎరగనట్టు.

“ఎందుకు? ఆటోమేటిక్ హాయి కదా” అంది మా ఆవిడ.

“హాయి తారురోడ్డు మీద. కొండ దిగేటప్పుడు మొదటి గేరులో వేస్తే ఇంజనే బండిని పట్టుకుని ఆపుతుంది. బురదలో, రాళ్లలో మనం చెప్పినట్టు వినేది అదే.”

“పోనీలే, బండైనా వింటుంది నీ మాట.”

“కాకపోతే నీకు గేర్లు రావుగా. నీకు కష్టమవుతుందేమోనని నా బాధ.” ఈ ముక్క అనేటప్పుడు గొంతులో ఎంత జాలి పెట్టానంటే, నా మీద నాకే గౌరవం పెరిగింది.

ఆవిడ నావైపు ఓ చూపు చూసింది. గిన్నె మీద మూత పెట్టింది. “నా సంగతి వదిలెయ్. నీకు వచ్చుగా?”

“పుట్టుకతోనే.”

గేర్లబండి నేను చివరిసారి నడిపింది లైసెన్సు పరీక్షలో. ఆ పరీక్ష పెట్టినాయన బండి దిగీ దిగగానే ఇంటికి ఫోన్ చేసి, “నేను క్షేమమే” అని చెప్పాడు. ఆ వివరం భోజనాల దగ్గర అవసరం అనిపించలేదు.

షోరూముకి వెళ్లాం. అక్కడ మమ్మల్ని పట్టుకున్న కుర్రాడు పుట్టినప్పుడు మొదలుపెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు. “సార్, ఈ రోజుల్లో కొండలకి కూడా ఆటోమేటిక్కే తీసుకుంటున్నారు. రాళ్ల మీద మెల్లగా పాకుతుంది, క్లచ్చి కాలే గొడవుండదు. చాలా సుఖం సార్” అన్నాడు.

“నాకు సుఖం వద్దు” అన్నాను.

అతని నవ్వు మొదటిసారి ఆగింది. ఇలాంటి కస్టమరు ఇంతవరకూ తగిలినట్టు లేడు.

ఈలోగా మా ఆవిడ సరదాగా డ్రైవరు సీట్లో కూర్చుంది. గేరు కడ్డీ మీద చెయ్యేసి, కిందకి చూడకుండానే, పిడి కింద ఉన్న రింగు పైకెత్తి రివర్సులో వేసింది. “ఎత్తులెక్కే లో రేంజికి ఈ చిన్న లివరేనా?” అనడిగింది. “అవును మేడమ్” అన్నాడు కుర్రాడు. ఆ తర్వాత నేను ఏం అడిగినా జవాబు ఆవిడకే చెప్పాడు. ఎక్కడో వీడియోల్లో చూసుంటుంది పాపం అనుకున్నాను. అదీ నా తెలివి.

ఎర్ర బండి ఇంటికొచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే ‘ఇప్పుడే ఇచ్చేస్తా’ కూడా వచ్చాడు.

“బావా, అదిరింది! తాళాలు ఇటు పడెయ్, ఇప్పుడే ఇచ్చేస్తా.”

నేను తాళాలు విసిరాను. అంత ప్రేమగా నేను వాడికి ఎప్పుడూ ఏదీ ఇవ్వలేదు. వాడు ఎక్కి కూర్చుని కిందకి చూశాడు.

“బావా, ఇక్కడ మూడు పెడల్సున్నాయేంటి?”

“కొత్త బండి కదా, ఒకటి ఎక్కువిచ్చారు.”

వాడు ఏదో తొక్కాడు. బండి కప్పలా ఓ గంతు వేసి ప్రాణం విడిచింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ గంతు. మా గేటుకీ వాడికీ మధ్య చావుబతుకుల వ్యవహారం నడిచాక దిగి, “నాకు రాదు బావా” అన్నాడు.

నేను పైకి అయ్యో అన్నాను. లోపల బ్యాండు మోగుతోంది.

“అయితే నువ్వే రా” అన్నాడు వాడు, చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చుంటూ. “ఫ్రిజ్ తేవాలి.”

బ్యాండు ఆగిపోయింది. చూశారా, ఎక్కడ తప్పానో? ఇదివరకు వాడు అరువు అడిగితే కారొక్కటే పోయేది, నేను ఇంట్లో పడుకునేవాణ్ణి. ఇప్పుడు బండితోపాటు నేనూ పోతున్నాను.

ఆ ఆదివారం ఫ్రిజ్. తర్వాతి ఆదివారం మామగారి టైల్సు. ఆయన రిటైరైన దగ్గర్నుంచీ ఇల్లు బాగుచేస్తున్నారు, ఇల్లు తట్టుకుని నిలబడుతోంది. ఆ తర్వాత సిమెంటు బస్తాలు, పాత తలుపులు, బావమరిది స్నేహితుడి పరుపు, ఆ స్నేహితుడి ఇంటి ఓనరు నీళ్ల ట్యాంకు. మామగారు నన్ను అల్లుడని పరిచయం చెయ్యడం మానేసి, “గేర్లొచ్చిన అబ్బాయి” అంటున్నారు. నేనెవరో తెలియని ఇళ్లలో కూడా నాకు మెట్లెక్కడ మలుపు తిరుగుతాయో తెలుసు. మీకు ఫోనులో జ్వరమని చెప్పింది ఆ ఆదివారాలే. వెనకాల వినిపించిన దగ్గు నాది కాదు, బండిది.

మా ఆవిడ ప్రతి ఆదివారం గుమ్మం దాకా వచ్చి, నీళ్ల సీసా చేతికిచ్చి, “ఏం చేస్తాం, గేర్లు మరి” అని నిట్టూర్చేది. ఎంత మంచి భార్య అనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా పోయిన ఆదివారం బీరువా వచ్చింది. మా బావమరిది ఊరి చివర, మట్టి సందు ఎక్కితే గానీ రాని ఇంట్లో అద్దెకి దిగాడు. మామగారింట్లోని చెక్క బీరువాని అక్కడికి చేర్చాలి. దాన్ని చేసిన వడ్రంగి మొత్తం అడవిని వాడేసినట్టున్నాడు. వెనక దాన్ని కట్టాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన మా ఆవిడ, వెనక సీట్లో మామగారూ, ‘ఇప్పుడే ఇచ్చేస్తా’. ముందురోజు వాన పడి సందంతా బురద.

సగం ఎత్తు దాకా బాగానే ఎక్కాం. అప్పుడు పైనుంచి ఒకావిడ సైకిలు నడిపించుకుంటూ దిగింది. నేను ఆగాను. ఆగడం నాకు బాగా వచ్చు. మళ్లీ కదలడమే రాలేదు.

క్లచ్చి వదిలితే బండి ఆగిపోతుంది. క్లచ్చి తొక్కితే వెనక్కి జారుతుంది. వదలకా తొక్కకా మధ్యలో పెడితే చక్రాలు బురద చిమ్ముతున్నాయి, బండి మాత్రం కదలట్లేదు. బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకుని, మూసుకుని, ఊరందరికీ నా పరిస్థితి చూపిస్తున్నాయి.

“అల్లుడూ, ఏదో మాడుతున్నట్టుందే?” అన్నారు మామగారు.

“ఎవరింట్లోనో వంట చేస్తున్నారు మామయ్యగారూ.”

“రబ్బరు వండుకుంటున్నారా?”

ఇంతలో బండి ఇంకో మూర వెనక్కి జారింది. వెనక పక్కగా ఎవరిదో ప్రహరీ గోడ. బావమరిది ఒక్క దూకు దూకి, ఎక్కడో ఇటుక సంపాదించి చక్రం కింద పెట్టాడు. “బావా, బీరువా పోతే పోయింది, గోడ మనది కాదు!” అని అరుస్తున్నాడు. సందు కింద పాలవ్యాను హారను కొడుతోంది. మేడల మీద జనం చేరారు. ఒక పెద్దాయన కుర్చీ కూడా తెచ్చుకున్నాడు.

“దిగు” అంది మా ఆవిడ.

“నీకు గేర్లు రావే!”

“ముందు దిగు.”

హ్యాండ్‌బ్రేకు లాగి దిగాను. బురదలో కాలు పిక్కదాకా పోయింది. ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. చిన్న లివరు లాగి లో రేంజిలో వేసింది, షోరూములో వాళ్లన్నది తలకెక్కక నేను దాన్ని రేడియోదనుకున్నాను ఇన్నాళ్లూ. క్లచ్చి మెల్లగా వదిలి, ఇంజను గొంతు కాస్త బరువెక్కగానే హ్యాండ్‌బ్రేకు దించింది. అంతే. అంత బీరువానీ మోసుకుంటూ ఆ బండి, పిల్లి గోడెక్కినట్టు, చప్పుడు లేకుండా ఎక్కిపోయింది. మేడల మీద చప్పట్లు. పాలవ్యానతను కూడా దిగి చప్పట్లు కొట్టాడు. సందులో మిగిలింది నేనూ, ఇటుకా.

నడుచుకుంటూ పైకి చేరేసరికి ఆవిడ బండికి ఆనుకుని నా నీళ్ల సీసాలోంచి నీళ్లు తాగుతోంది.

“నీకు గేర్లు ఎప్పట్నుంచి వచ్చు?” అన్నాను.

“పెళ్లికి ముందు నర్సరీ వ్యాను ఎవరు నడిపారనుకున్నావు? కొండలమీది తోటలకి మొక్కలు నేనే చేరవేసేదాన్ని.”

“మరి చెప్పలేదే?”

“అడిగావా? రావుగా అని నువ్వే చెప్పావు. అంత నమ్మకంగా చెబుతుంటే కాదనడం ఏం బాగుంటుంది?”

“నేను ఇన్ని ఆదివారాలు సామాన్లు మోస్తుంటే చూస్తూ ఊరుకున్నావా!”

“నాకు వచ్చని తెలిస్తే అవి ఎవరు మోసేవాళ్లు?” అంది, సీసా మూత బిగిస్తూ. “మా తమ్ముడికి బండి దక్కకూడదనే గేర్లది కొంటున్నావని ఆ రోజు భోజనాల దగ్గరే తెలిసింది. నీ గొంతులో జాలి వచ్చిందంటే ఏదో దాస్తున్నావనే లెక్క.”

మామగారు నా భుజం మీద చెయ్యేశారు. ఓదారుస్తారనుకున్నాను. “అబ్బాయ్, నిన్ననే పెళ్లయినవాడిలా మాట్లాడుతున్నావే” అని లోపలికి వెళ్లిపోయారు.

కాలిన క్లచ్చి మార్చాలన్నాడు మెకానిక్కు. దీన్ని నడిపిన మహానుభావుడెవరని అడిగితే, అందరూ ఎంతో ఐకమత్యంగా నన్ను చూపించారు. కొత్త క్లచ్చి వేశాక తాళాలు మా ఆవిడ సంచీలోకి వెళ్లాయి. ఇవాళ పొద్దున్నే నర్సరీ స్నేహితురాళ్లని ఎక్కించుకుని కొండకి వెళ్లింది. అడవి మొక్కలు చూసొస్తారట. “నీకు ఆదివారం విశ్రాంతి కావాలిగా, పడుకో” అంది వెళ్తూ. ఆవిడ గొంతులోనూ ఎంత జాలో!

అదిగో, అక్కడ, రెండో మలుపు పైన ఎర్రగా చుక్కలా కదుల్తోంది చూశారా? అదే నా బండి. నేను చెప్పానా, కొండమీద గేర్లకి సాటి లేదని? చూడండి ఎలా ఎక్కుతోందో.

ఉండండి, గేటు చప్పుడైంది. వీడే.

“బావా, ఖాళీయేనా?”

“బండి లేదురా!” నా జీవితంలో ఇంత సంతోషంగా ఏ మాటా అనలేదు.

“బండెందుకు బావా, నువ్వు చాలు. ఆ బీరువాని పైగదికి ఎక్కించాలి. వీళ్లెవరు, నీ ఫ్రెండ్సా? బూట్లు భలే ఉన్నాయే, మెట్ల మీద జారవు. వాళ్లనీ తీసుకురా.”

వింటున్నారా, వాళ్లక్కకి ఫోన్ కూడా చేసేస్తున్నాడు.

“అక్కా, బావని తీసుకెళ్తున్నా. ఇప్పుడే ఇచ్చేస్తా.”

లేవండి ఇంక. బూట్లు తొడుక్కోండి. నా నిచ్చెన కూడా అక్కడే ఉంది, చాలా రోజులైంది, ఓసారి చూసినట్టుంటుంది.