మగ్గాలు ఆగిన పూట

ఆ రోజు పొద్దున, తమిళనాడు సరిహద్దు ఊరు నగరిలో, గంగాధరం ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీలు తినడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, కూతురు భానుశ్రీ ఇంజనీరింగ్ కాలేజీలకు ఆప్షన్లు పెట్టడం. సాయంత్రం ఆరింటికి గడువు. అది రెండు వేల తొమ్మిది. సీట్ల వ్యవహారమంతా ఇంటర్నెట్‌లోకి ఎక్కేసింది. భానుశ్రీకి కావలసింది తిరుపతిలో కంప్యూటర్ సైన్స్. వచ్చిన ర్యాంకుకు అది చేతికందే సీటే. అరవై కాలేజీల పేర్లు వరుసగా నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. పదింటికల్లా అయిపోతుందనుకుంది, పిచ్చిపిల్ల.

ముందు గదిలో నాలుగు మరమగ్గాలు, పక్క గదిలో కంప్యూటర్. మగ్గాలు లుంగీలు నేస్తాయి, నేస్తూ దూదిలాంటి నూలు నూగు చిమ్ముతాయి. ఆ నూగు అన్నంలో పడుతుంది, ముక్కులో పడుతుంది, ఏడాదిగా కంప్యూటర్ పెట్టెలోనూ పడుతోంది. ఇది గంగాధరానికి తెలియక కాదు. తెలిసే, తన మగ్గం మీద నేసిన గళ్ల లుంగీ ఒకటి పెట్టెకు చుట్టి, కనబడిన సందులన్నిటిలో గుడ్డముక్కలు కుక్కాడు. నూగు పోవడం ఆగలేదు. గాలి పోవడం ఆగింది.

జాబితాలో కాలేజీ పక్క గడిలో ఇష్టం వరుసకు అంకె వేసుకుంటూ ముప్పై కాలేజీలు ఎక్కించేసరికి పెట్టె గుయ్‌మని అరిచి ఆరిపోయింది. అన్నీ నింపాక చివర్లో ఒక్కసారే సేవ్ నొక్కమని ఎవరో మహానుభావుడు చెప్పి ఉన్నాడు. ముప్పైయీ గాలికి పోయాయి.

"పెట్టె కాలిపోతా ఉండాది నాయనా. లోపల నూగు నిండిపోయింటాది. మగ్గాలు కాసేపు ఆపితే తెరిచి తుడుస్తా" అంది భానుశ్రీ.

"మగ్గాలు ఆపేదా? ముప్పై ఏండ్లుగా మగ్గాలు ఇప్పి బిగించినోణ్ణి. మిషను సంగతి నాకు చెప్తావా?"

"పోనీ, బస్టాండు కాడ నెట్ సెంటర్‌కు పోయొస్తా. అర్ధగంట పని."

"నువ్వడిగినావనే గదా ఇంట్లో కొనిపెట్టింది? ఆడపిల్ల బస్టాండు కాడ కూసుంటే నలుగురు ఏమనుకుంటారు?"

ఆ నలుగురు ఎవరో గంగాధరం ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రానికి వాళ్లే ఇంటికొస్తారని అప్పుడు ఎవరికీ తెలియదు.

తర్వాత రెండుసార్లు పేజీ తెరుచుకునే లోపే పెట్టె ఆరిపోయింది. గంగాధరం మగ్గాల గదిలోని టేబుల్ ఫ్యాను తెచ్చి రెండు గదుల మధ్య గుమ్మంలో పెట్టాడు. అది మగ్గాల దగ్గర నూగునంతా ఊడ్చి కంప్యూటర్ మీదికి తోసింది. ఇక లాభం లేదని ఆయన తన విద్య బయటికి తీశాడు.

"మోటారు వేడెక్కితే ఏం జేస్తాం? నూనె యేస్తాం."

"అది మగ్గం కాదు నాయనా!"

"తిరిగేదంతా ఒకటే మ్మే" అని మగ్గాల నూనెడబ్బా ముక్కు పెట్టె వెనక ఫ్యానులోకి దూర్చి రెండు గుక్కలు పట్టాడు. విచిత్రం, పెట్టె చప్పుడు తగ్గింది. పేజీ తెరుచుకుంది. అప్పటికి మధ్యాహ్నం రెండు. తల్లి దేవకమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"రెండు ముద్దలు తినిపో మ్మే, కండ్లు తిరిగి పడిపోతావు."

"పోయి తినుపో. నేను కాపలా ఉంటా" అన్నాడు గంగాధరం.

భానుశ్రీ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తండ్రి ముఖం వెలిగిపోతోంది. "సూసినావా? నేనే నొక్కి సూసినా. బ్రమ్మాండంగా పని చేస్తా ఉండాది!" ఆ మాట నోట్లో ఉండగానే తెర నల్లబడింది. ఈసారి మాడు కంపు కూడా వచ్చింది.

పక్క వీధిలో టీవీలు బాగుచేసే జయరామ్ దొరికేసరికి నాలుగున్నర దాటింది. పెట్టె విప్పి, లోపల వేలితో గీకి, ఆ వేలు వాసన చూశాడు.

"అన్నా, ఈడ దూది ఉండాది, నూనె ఉండాది. అగ్గిపుల్ల ఒకటే తక్కువ. ముందు ఆ మగ్గాలు ఆపు. నేను తుడిచేకొద్దీ నూగు పడతా ఉండాది."

గంగాధరం పళ్లు కొరుక్కుంటూ నాలుగు మగ్గాలూ ఆపాడు. ఆ వీధిలో కరెంటు ఉండగా, పట్టపగలు, ఒక్క ఇంట్లోనే మగ్గాలు ఆగితే దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో కన్నుమూశారని.

అయిదుంబావుకు జయరామ్ చేతులు దులుపుకున్నాడు. "ఈ పొద్దుకు ఇది నడవదన్నా." దేవకమ్మ గడప మీద కూలబడి, బిడ్డ సీటు తలుచుకుని బావురుమంది. అప్పటికి గంగాధరం దిగొచ్చాడు. "పోమ్మా, నెట్ సెంటర్‌కే పో. బిన్నే పో, ఆరు కొట్టేస్తాది."

భానుశ్రీ నోటుబుక్కు పట్టుకుని పరుగెత్తింది. గడప దాటీ దాటకముందే ఎదురింటి పంకజాక్షి, వెనక పదిమంది ఆడవాళ్లతో, అడ్డంగా వచ్చి వాటేసుకుంది.

"అయ్యో తల్లీ! ఎంత పని జరిగిపాయ!"

"వదులు పిన్నమ్మా! ఏమీ కాలే. ఆరింటికి గడువు!"

"ఆరింటికే ఎత్తేస్తారా? చుట్టాలు రావద్దా?"

"ఎవురూ సావలేదు పిన్నమ్మా, వదులు!"

"బిడ్డకు మతి చలించిండాది. గట్టిగా పట్టుకోండే!"

పట్టుకున్నారు. గంగాధరం బయటికొచ్చాడు. ఆయన బతికే ఉన్నాడని తేలాక జనం లోపలికి తొంగిచూసి ఇంకెవరా అని వెతికారు. "ఎవురూ లేరు, ఊరికే ఆపినా" అన్నాడాయన. కంప్యూటర్ కోసం అనడానికి నోరు రాలేదు. ఆ వీధిలో మగ్గాలు ఊరికే ఆపినవాడు పుట్టలేదు కాబట్టి ఎవరూ నమ్మలేదు. పొద్దున ఆయన భయపడిన నలుగురు నలభై మందయ్యారు. ఎవరో పూలదండ కూడా తెచ్చి, వేయడానికి మనిషి కనబడక, గంగాధరం చేతికే ఇచ్చిపోయారు.

వాళ్ల చేతులు విడిపించుకుని భానుశ్రీ నెట్ సెంటర్ చేరేసరికి ఆరూ పది. పేజీ మూసేశారు. తిరిగొచ్చి, ఏడవకుండా చెప్పింది. "పొద్దున పంపించింటే అర్ధగంటలో వచ్చేసుందును నాయనా." గంగాధరం చేతిలోని దండ తీసుకెళ్లి కంప్యూటర్ పెట్టె మీద పెట్టాడు. ఆ పిల్ల రెండేళ్ల చదువు రెండు గుక్కల నూనెతో పోయింది.

రెండు వారాలకు, పెట్టని ఆప్షనుకు సీటొచ్చింది. శ్రీకాకుళం దాటాక, ఒరిస్సా సరిహద్దు దగ్గర ఒక కాలేజీలో సివిల్.

"నేను తినేదానికి పోయినప్పుడు ఏం నొక్కినావు నాయనా?"

"జాబితాలో శ్రీకాకుళమే మొదట ఉండె. దాని పైన గడిలో ఒకటి అంకె ఏసినా. కింద సేవ్ అని ఉండె. అదీ నొక్కినా. మిషను బాగుండాదా లేదా అని…"

ఏడాది పోగొట్టుకోవడం ఇష్టంలేక భానుశ్రీ రైలెక్కింది, ఈ సరిహద్దు నుంచి ఆ సరిహద్దుకు. జయరామ్ పెట్టెకు కొత్త ఫ్యాను వేశాడు గాని, మగ్గాలు నడుస్తుంటే అది మళ్లీ వేడెక్కి ఆరిపోతోంది. మగ్గాలు ఆపే ధైర్యం గంగాధరానికి లేదు.

అందుకని ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కూతురికి మెయిల్ రాస్తాడు. వచ్చేపోయే నలుగురూ చూస్తారు. ఇంతవరకు ఎవరూ ఏమీ అనుకోలేదు.